గోడలో వదిలిన 20 మిల్లీమీటర్లు

న్యూజిలాండ్‌లో ఇంటి వెనక పెరట్లో కట్టుకునే ఒంటి గదిని స్లీపవుట్ అంటారు. చుట్టాలొస్తే పడుకోవడానికి, ఎదిగిన పిల్లలకు వేరే గది కోసం, ఈమధ్య ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకోవడానికి కట్టించుకుంటున్నారు. పైన్ చెక్కతో ఫ్రేము, బయట ఫైబర్ సిమెంటు (నార కలిపిన సిమెంటు) పలకలు, లోపల జిప్సం బోర్డు. 10 చదరపు మీటర్లలోపు గదికి అక్కడ చాలా ఏళ్లుగా అనుమతి అక్కర్లేదు. 2020 ఆగస్టు నుంచి కొన్ని షరతులతో 30 చదరపు మీటర్ల వరకూ ఆ వెసులుబాటు ఇచ్చారు. అనుమతి అక్కర్లేదంటే నిబంధనలు వర్తించవని కాదు, వచ్చి చూసే ఇన్‌స్పెక్టరు ఉండడని మాత్రమే. అందుకే కట్టించుకునేవాళ్లే గోడ సంగతి తెలుసుకోవాలి.

అక్కడి నిబంధనల్లో ఒక లెక్క ఉంది. బయటి పలకలు కనీసం 15 ఏళ్లు మన్నాలి, ఫ్రేము 50 ఏళ్లు మన్నాలి. అంటే కంటికి కనిపించే పలకను రెండు మూడుసార్లు మార్చాల్సి వచ్చినా, కనిపించని చెక్క మాత్రం గట్టిగానే ఉండాలి. కట్టించేవాళ్లేమో ఎక్కువగా ఏ పలక బాగుంటుంది, ఏ రంగు వేయించాలి అనే ఆలోచిస్తారు. నన్నడిగితే మొదట అడగాల్సింది అది కాదు. పలకకూ ఫ్రేముకూ మధ్య ఎంత ఖాళీ వదులుతున్నారని అడగాలి.

ఆ ఖాళీని చిన్నచూపు చూసినందుకు న్యూజిలాండ్ చాలా పెద్ద మూల్యమే చెల్లించింది. 1990లలో అక్కడ మధ్యధరా తీరపు ఇళ్లను పోలిన ఫ్యాషన్ వచ్చింది. చూరు లేని గోడలు, చదును కప్పులు, నున్నటి పూత. చూడ్డానికి రాతి కట్టడంలా ఉన్నా లోపల ఉన్నది చెక్క ఫ్రేమే. చాలా ఇళ్లకు ఫైబర్ సిమెంటు షీట్లను ఆ ఫ్రేముకే నేరుగా మేకులతో బిగించి, అతుకులు పూడ్చి, పైన పూత వేసేశారు.

చెక్క విషయంలోనూ సరిగ్గా అప్పుడే పట్టు సడలింది. అంతకుముందు దశాబ్దాలుగా ఫ్రేము చెక్కకు బోరాన్ మందు పట్టించేవారు. చెక్కను తొలిచే పురుగు రాకుండా చూడటమే దాని అసలు ఉద్దేశం. బట్టీలో ఆరబెట్టిన రేడియేటా పైన్‌కు ఆ పురుగు బెడద అంతగా ఉండదు, ఇక మందెందుకు అన్న వాదన నెగ్గింది. 1998 నాటికి మందు పట్టించని చెక్కను ఫ్రేములకు వాడటానికి ఆమోదం వచ్చేసింది. పురుగు కోసం పట్టించిన మందు చెక్కను కుళ్లబెట్టే శిలీంధ్రాన్ని కూడా అడ్డుకుంటోందన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు. నీళ్లు దిగే గోడ, రక్షణ లేని చెక్క ఒకేసారి వచ్చి పడ్డాయి. ఈ ఇళ్ల మీద విచారణకు డాన్ హన్ అనే ఆయన నాయకత్వంలో వేసిన బృందం 2002లో నివేదిక ఇచ్చేసరికి దేశమంతా ఇదే టెన్షన్. దెబ్బతిన్న ఇళ్లు సుమారు 42,000 ఉంటాయనీ, ఖర్చు 1130 కోట్ల న్యూజిలాండ్ డాలర్ల దాకా అవుతుందనీ 2009లో ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ అనే సలహా సంస్థ అంచనా కట్టింది. దాదాపు అదే కాలంలో కెనడాలోని వాంకూవర్ అపార్టుమెంట్లూ ఇలాంటి కష్టమే పడ్డాయి.

అలాంటి గోడను విప్పినప్పుడు తరచు కిటికీ కింది మూల దగ్గరే మొదటి జాడ దొరుకుతుంది. షీటు వెనక నల్లటి చార ఒకటి కిందికి దిగి ఉంటుంది. మేకుల చుట్టూ తుప్పు. నిలువు చెక్క పైపైన చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది గానీ, స్క్రూడ్రైవర్ మొన ఆనించి కాస్త నొక్కితే లోపలికి దిగిపోతుంది. అడుగున నేలబారుగా పరిచిన పట్టె ముదురు గోధుమ రంగుకు తిరిగి, నిలువునా అడ్డంగా పగిలి, చిన్న చిన్న ఘనాలుగా విడిపోతుంది. ఒక ముక్క తీసి వేళ్ల మధ్య నలిపితే పొడైపోతుంది. శిలీంధ్రం చెక్కలోని సెల్యులోజును తినేసి, గోధుమ రంగు లిగ్నిన్‌ను వదిలేస్తుంది. ఆ రంగు, ఆ పగుళ్లు అందువల్లే.

ఈ శిలీంధ్రానికి తిండి ఎలాగూ చెక్కే. గాలి, వెచ్చదనం ఎలాగూ ఉంటాయి. మన చేతిలో ఉన్నది నీళ్లొక్కటే. చెక్కలోని నీరు, ఎండు చెక్క బరువులో 20 శాతం లోపు ఉన్నంతకాలం కుళ్లు పట్టదు. 30 శాతం దగ్గర కణాల గోడలు నీటితో పూర్తిగా నిండిపోతాయి. అది దాటితే కణాల లోపల విడి నీరు చేరి, శిలీంధ్రానికి కావాల్సినంత దొరుకుతుంది. చెక్క ఒకసారి తడిసి నాలుగు రోజుల్లో ఆరిపోతే ఏమీ కాదు. వారాల తరబడి ఆరే దారి లేకపోతేనే చివికిపోతుంది.

అయితే చుక్క కూడా దిగకుండా గోడ కడితే పోదా అనిపిస్తుంది. 1990లలో చేయబోయింది అదే. కుదరలేదు, ఎందుకంటే నీళ్లు లోపలికి రావడానికి దారులు చాలా ఉన్నాయి. గాలివాన గోడను కొట్టినప్పుడు బయట పీడనం ఎక్కువ, గోడ లోపల తక్కువ. ఆ తేడా వెంట్రుకంత పగులులోంచి కూడా నీటిని లోపలికి తోస్తుంది. సన్నటి సందుల్లో నీరు తనంతట తానే పాకుతుంది, పైకి కూడా ఎక్కుతుంది. అతుకుల్లో నింపిన సీలెంట్ ఎండకు గట్టిపడి కొన్నేళ్లకే విడిపోతుంది.

ఫ్రేము మీద ముందు శ్వాసించే పొర కప్పి, దాని మీద 20 మిల్లీమీటర్ల మందం బాటెన్లు, అంటే సన్నటి చెక్క పట్టీలు, నిలువుగా కొట్టి, వాటికి పలకలు బిగిస్తే ఈ దారులన్నీ ఒక్కసారే దెబ్బతింటాయి. పలక వెనక గాలి ఉంటుంది కాబట్టి లోపలి పీడనం బయటి పీడనానికి దగ్గరవుతుంది, నీటిని తోసే బలం తగ్గుతుంది. నీరు సన్నటి సందులోనే పాకగలదు, 20 మిల్లీమీటర్ల ఖాళీని దాటలేదు. పలక దాటి వచ్చిన నాలుగు చుక్కలూ దాని వెనక వైపే జారి అడుగు నుంచి బయటికి పోతాయి. మిగిలిన తడిని ఆ ఖాళీలో మెల్లగా కదిలే గాలి ఆరబెడుతుంది. లోపల పడుకున్నవాళ్ల ఊపిరి నుంచి గోడలోకి చేరే ఆవిరి కూడా, ఆ పొర నీటినే తప్ప ఆవిరిని ఆపదు కాబట్టి, ఈ దారినే బయటపడుతుంది. పలక గొడుగు లాంటిది, గోడను ఆరనిచ్చేది దాని వెనక ఉన్న ఖాళీయే. న్యూజిలాండ్ 2004, 2005లలో నిబంధనలు మార్చి, ఫ్రేము చెక్కకు మళ్లీ మందు తప్పనిసరి చేసింది, చాలా రకాల గోడలకు ఈ ఖాళీనీ తప్పనిసరి చేసింది. ఇప్పుడు అక్కడి దుకాణాల్లో ఫ్రేము చెక్క గులాబీ రంగులో ఉంటుంది. బోరాన్ పట్టించారని తెలియడానికి కలిపే రంగు అది.

ఇక పలక సంగతి. మన ఊళ్లలో సిమెంటు రేకులు తెలియనివాళ్లు ఉండరు. 1946లో హైదరాబాదులో మొదలైన కంపెనీ చార్మినార్ పేరుతో తెచ్చిన రేకులు ఎన్ని పశువుల పాకల మీద, ఎన్ని కోళ్ల ఫారాల మీద ఉన్నాయో! వాటికి మూలం ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్‌షెక్ 1901లో పేటెంటు పొందిన పద్ధతి. అట్ట తయారుచేసే యంత్రంలో కాగితపు గుజ్జు బదులు సిమెంటు, ఆస్బెస్టాస్ నార కలిపిన పల్చటి ద్రవం పోశాడు. జల్లెడ మీద సన్నటి పొర ఏర్పడుతుంది, పొర మీద పొర చుట్టుకుంటూ షీటు అవుతుంది. సిమెంటు ఒత్తిడిని తట్టుకుంటుంది గానీ వంచితే పుటుక్కున విరుగుతుంది. నార ఉంటే పగులు రెండు అంచులనూ అది పట్టి ఉంచుతుంది.

ఆస్బెస్టాస్ ఊపిరితిత్తులను ఏం చేస్తుందో తెలిశాక బ్రిటన్ 1999లో, ఆస్ట్రేలియా 2003 చివర్లో దాన్ని పూర్తిగా నిషేధించాయి. మన దేశంలో ఆ రేకులు ఇంకా తయారవుతున్నాయి, ఇది నాకు మింగుడుపడని విషయం. 1980లలోనే ఆస్ట్రేలియాలో జేమ్స్ హార్డీ కంపెనీ ఆస్బెస్టాస్ స్థానంలో కలప గుజ్జులోని నారను వాడటం మొదలుపెట్టింది. సిమెంటు, మెత్తటి ఇసుక, కలప నార కలిపిన షీట్లను దాదాపు 180 డిగ్రీల దగ్గర ఆవిరి పీడనంలో ఉడికిస్తారు. దాంతో ఇసుక కూడా సున్నంతో కలిసి గట్టి స్ఫటికాలుగా మారుతుంది. నారకు కుళ్లు పట్టకపోవడానికి కారణం దాని చుట్టూ ఉన్న సిమెంటు క్షారగుణం. పలకకు చెద పట్టదు, నిప్పు అంటుకోదు. కానీ నీరు పీల్చుకుంటుంది, ముఖ్యంగా కోసిన అంచుల దగ్గర. అందుకే కోసిన ప్రతి అంచుకూ అక్కడికక్కడే ప్రైమర్ పూయాలి.

కోసేటప్పుడు లేచే దుమ్ములో సన్నటి సిలికా ఉంటుంది. రాతి క్వారీల్లో పనిచేసేవాళ్లకు వచ్చే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు దీనివల్లే. గ్రైండర్ పెట్టి కోయకూడదు. గీత పెట్టి విరవచ్చు, లేదా దీనికోసమే తయారైన కత్తెరతో కత్తిరించవచ్చు. పాత గదిని విప్పుతుంటే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. 1980ల నాటివి, అంతకుముందువి అయిన షీట్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. పరీక్ష చేయించకుండా వాటికి కనీసం రంధ్రం కూడా పెట్టకూడదు.

ఇవన్నీ సరిగ్గా చేసినా, చూరు లేకపోతే గోడ అనవసరంగా కష్టపడుతుంది. న్యూజిలాండ్‌లో గోడకు వాన ముప్పు ఎంతో పాయింట్లు వేసి చూస్తారు. ఒంటి అంతస్తు గదికి 600 మిల్లీమీటర్లు దాటిన చూరు ఉంటే ఆ ఖాతాలో ముప్పు తక్కువ. మన పెంకుటిళ్ల చూరు, చెక్క స్తంభాల కింద పెట్టే రాతి దిమ్మ చేసే పనీ ఇదే. ఒకటి పైనుంచి పడే నీటిని గోడకు దూరంగా వదులుతుంది, రెండోది నేల చెమ్మను చెక్కకు అంటనివ్వదు.

గది కట్టిన తర్వాత జరిగే పొరపాటు ఒకటుంది, అది తరచు ఇంటివాళ్ల చేతుల మీదుగానే జరుగుతుంది. పలక అడుగు అంచు మట్టి నేలకు కనీసం 175 మిల్లీమీటర్లు, గచ్చుకు 100 మిల్లీమీటర్లు పైన ఉండాలి. మొదట్లో అలాగే ఉంటుంది. రెండేళ్లకు గోడ పక్కనే పూలమడి వేసి మట్టి ఎత్తుతారు, లేదా కొత్తగా చెక్క అరుగు వేసి గోడకు ఆనిస్తారు. ఖాళీలోకి గాలి వచ్చే సందులు పూడిపోతాయి. మడి వేయాలనిపిస్తే గోడకు ఒక అడుగు దూరంలో వేసుకోవాలి, అరుగుకూ గోడకూ మధ్య నీరు జారేంత సందు వదలాలి, ఏడాదికోసారి వంగి పలక కింది సందుల్లో మట్టి, సాలెగూళ్లు తీసేయాలి.