తుపాను తర్వాత కరెంటు: లైన్ మీద పనిచేసేవాడిగా నాకు తెలిసిన అపోహలు, వాస్తవాలు

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట టీవీలో వినపడగానే మా ఆవిడ నా బ్యాగు సర్దడం మొదలుపెడుతుంది. రెండు జతల బట్టలు, తువ్వాలు, టార్చి, బీపీ మాత్రలు, ఒక పచ్చడి సీసా. జూనియర్ లైన్‌మన్‌గా చేరాను, ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టర్‌ని, సర్వీసు ఇరవై ఏళ్లకు దగ్గర పడింది. హుద్‌హుద్, తిత్లీ, మిచౌంగ్, మొన్నటి మొంథా, అన్నిటికీ ఏదో ఒక ఊళ్లో స్తంభాల దగ్గరే ఉన్నాను. కరెంటు లేనన్నాళ్లూ జనం "ఈ యూనియన్ వాళ్లు పని చేయరు" అని తిడతారు, వచ్చిన రోజు దండలు వేసి దేవుళ్లంటారు. మేం ఆ రెండూ కాదు. మాది ఒక పద్ధతి ప్రకారం సాగే పని, ఆ పద్ధతి వెనక చాలామంది ప్రాణాలు, చాలా ఏళ్ల పోరాటం ఉన్నాయి. అది తెలియక పుట్టే అపోహలే ఎక్కువ, అందుకే రాస్తున్నాను.

అపోహ: గాలి మొదలవకముందే కరెంటు తీసేస్తారు, బద్ధకం.

వాస్తవం: గాలి ఉద్ధృతి పెరిగే ముందు తీసేయడం ప్రాణాలు కాపాడటానికే. తెగిన తీగ నేల మీద పడితే సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ (తేడా వస్తే సప్లై ఆపే స్విచ్) ఖచ్చితంగా ట్రిప్ అవుతుందని, అంటే దానంతటదే పడిపోతుందని నమ్మడానికి లేదు. ఇసుక నేల మీదో, ఎండు కొబ్బరి మట్ట మీదో పడిందనుకోండి, బ్రేకర్‌కు తెలిసేంత కరెంటు పారదు, తీగ మాత్రం ప్రాణం తీసే స్థితిలోనే ఉంటుంది. అర్ధరాత్రి పశువులను చూడటానికి బయటికొచ్చిన రైతు దాని మీద కాలు వేస్తే ఇంకేముంది. తెగిన తీగ కనబడితే దగ్గరికి వెళ్లకండి, కర్రతో జరపకండి, 1912కి ఫోన్ చేయండి. ఎవరో ఒకరు కాస్త దూరంలో నిలబడి వచ్చేపోయేవాళ్లను ఆపితే అదే పెద్ద సాయం.

అపోహ: పక్క వీధిలో వచ్చింది, మాకు రాలేదు, కావాలనే చేస్తున్నారు.

ఈ మాట ప్రతి తుపానులోనూ వింటాను. కరెంటు మీ ఇంటికి వచ్చే దారి చూడండి. పెద్ద సబ్‌స్టేషన్ నుంచి 33 కేవీ (33 వేల వోల్టుల) లైన్, అక్కడి నుంచి 33/11 కేవీ సబ్‌స్టేషన్, దాని నుంచి ఊళ్లకు వెళ్లే 11 కేవీ లైన్లు, వీటినే ఫీడర్లు అంటాం, ఫీడర్ మీద ట్రాన్స్‌ఫార్మర్లు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మీ వీధి ఎల్‌టీ (తక్కువ వోల్టేజి) లైన్, చివరికి మీ సర్వీసు వైరు. చెట్టుకు నీళ్లు మొదట్లో పోయాలి కదా, ఇదీ అంతే, పైనుంచి కిందికి సరిచేసుకుంటూ రావాలి. మీ వీధిలో స్తంభాలన్నీ నిటారుగా నిలబడే ఉండొచ్చు, నాలుగు కిలోమీటర్ల అవతల చెరువు గట్టు మీద మూడు పడిపోతే మీకు కరెంటు రాదు. పక్క వీధి వేరే ఫీడర్ మీద ఉంటుంది. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద కూడా ఒక ఫేజు పోయి రెండు ఫేజులు ఉంటే, ఎదురింట్లో ఫ్యాన్ తిరుగుతుంది, మీ ఇంట్లో తిరగదు. ముందు ఆసుపత్రులు, మంచినీళ్ల పంపులు, సెల్ టవర్లు, ఆ తర్వాతే కాలనీలు. ఈ వరసను లైన్‌మన్ నిర్ణయించడు, అతని మీద అరిచి ప్రయోజనం లేదు.

అపోహ: ఎల్‌సీ, ఎల్‌సీ అంటూ గంటలు గంటలు కూర్చుంటారు. ఎక్కి కట్టేస్తే అయిపోదా?

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే మా వాళ్లు ఎక్కువగా చనిపోయేది ఇక్కడే.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. ఫలానా ఫీడర్ మీద నేను పని చేయబోతున్నాను, సప్లై ఆపండి అని సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను అడగాలి. ఆయన బ్రేకర్ తీసి, నా పేరు, టైము లాగ్‌బుక్‌లో రాసుకుంటాడు. పని అయ్యాక మనుషులందరూ కిందికి దిగారని నేను లెక్క చూసుకుని, నేనే ఎల్‌సీ రిటర్న్ చేయాలి. నా బదులు ఇంకొకరు చేయకూడదు. తుపానులో ఒకే ఫీడర్ మీద నాలుగు చోట్ల నాలుగు బృందాలు ఉంటాయి, నాలుగు ఎల్‌సీలు ఉంటాయి. మూడు తిరిగి వచ్చి నాలుగోది రాకపోతే ఆ ఫీడర్ ఛార్జ్ చేయకూడదు, అంటే అందులోకి కరెంటు వదలకూడదు. ఆ నాలుగో బృందం సెల్ సిగ్నల్ లేని చోట ఉంటే మనిషి బండి వేసుకుని వెళ్లి కనుక్కుని రావాలి. మీరు చీకట్లో కూర్చుని విసుక్కునే ఆ అరగంట అదే.

ఎల్‌సీ ఇచ్చినా పని అయిపోదు. లైన్‌కు రెండు వైపులా ఎర్త్ చేయాలి, అంటే తీగలను భూమికి కలపాలి, ఎందుకంటే కరెంటు వెనక నుంచి కూడా వస్తుంది. హుద్‌హుద్ అప్పుడు విశాఖలో నా కళ్లెదుట జరిగింది. మూడో రాత్రి, ఒక కాలనీలో ఎల్‌టీ లైన్ కడుతున్నాం. ఫీడరే లేదు, ఊరంతా చీకటి, ఇంకా భయం దేనికి అనుకుని నేను స్తంభం ఎక్కబోయాను. మా సీనియర్ లైన్‌మన్, యూనియన్‌లో చాలా ఏళ్లు పనిచేసిన మనిషి, నా భుజం పట్టుకుని కిందికి లాగాడు. "ముందు షార్ట్ చెయ్యరా" అన్నాడు, అంటే తీగలన్నిటినీ ఒకదానికొకటి కలపమని. చేశాం. ఫట్‌మని నిప్పులు లేచాయి, ఆ వెలుగులో వీధంతా ఒక్క క్షణం కనబడింది, అప్పటిదాకా చెవినపడుతున్న జనరేటర్ మోత ఆగిపోయింది. ఒక అపార్ట్‌మెంట్‌లో ఛేంజోవర్ స్విచ్ (జనరేటర్ నడిచేటప్పుడు ఇంటిని వీధి లైన్ నుంచి విడదీసేది) లేకుండా జనరేటర్‌ను నేరుగా మెయిన్‌కు కలిపారు. ఇంట్లో వెలిగించుకున్న ఆ 230 వోల్టులు వీధి లైన్‌లోకి, లైన్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెనక్కి వెళ్తే, అటువైపు 11 వేల వోల్టులై బయటికొస్తుంది. ఆ రోజు ఆ చెయ్యి నా భుజం మీద పడకపోతే ఇది రాసేవాడిని కాదు.

దయచేసి మీ జనరేటర్‌కు ఛేంజోవర్ ఉందో లేదో ఇవాళే చూసుకోండి. మమ్మల్ని మెచ్చుకోవడానికి మీరు చేయగలిగినవాటిలో నా దృష్టిలో ఇదే మొదటిది.

అపోహ: యూనియన్ అంటే సమ్మె, టైమైతే చెయ్యి దులుపుకొని వెళ్లిపోవడం.

వాస్తవం: 2013 అక్టోబరు గుర్తు చేసుకోండి. రాష్ట్ర విభజనకు వ్యతిరేకంగా సీమాంధ్ర విద్యుత్ ఉద్యోగులు సమ్మెలో ఉన్నారు, రైళ్లు కూడా ఆగాయి. ఆ సమ్మె తప్పా ఒప్పా అన్నదాని మీద ఎవరి అభిప్రాయం వారిది. కానీ ఫైలిన్ తుపాను వస్తోందనగానే సమ్మె వాయిదా వేసుకుని అందరూ డ్యూటీలకు వచ్చారు. అక్టోబరు 12న అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటేసరికి శ్రీకాకుళంలో మనుషులు, సామాను సిద్ధంగా ఉన్నారు. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12 ఆదివారం, హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది, గంటకు 180 కిలోమీటర్ల గాలి. స్తంభాలే కాదు, పెద్ద లైన్ల టవర్లు కూడా మెలికలు తిరిగి పడ్డాయి.

అప్పుడు మా జిల్లా నుంచి మమ్మల్ని పంపారు. అనకాపల్లి దాటిన దగ్గర నుంచి రోడ్డు కంటే చెట్లే ఎక్కువ కనబడ్డాయి. నిలబడ్డ చెట్లకు కూడా ఒక్క ఆకు లేదు, అగ్గిలో కాల్చినట్టున్నాయి. క్రేన్ వెళ్లలేని సందుల్లో గునపాలతో గుంటలు తీసి, ఎనిమిది మీటర్ల సిమెంటు స్తంభాన్ని తాళ్లతో పదిమందిమి ఎత్తి, మీటరున్నర లోతున నిలబెట్టాం. ఒక్కో స్తంభానికి ఎన్నిసార్లు "హైలెస్సా" అన్నామో లెక్క లేదు.

1104, 327 అని రిజిస్ట్రేషన్ నంబర్లతోనే మేం పిలుచుకునే యూనియన్లు ఆ రోజుల్లో ఏం చేశాయో బయటివాళ్లకు తెలియదు. ఏ బృందం ఎక్కడ పడుకుంటోంది, భోజనం అందిందా, ఎవరికైనా జ్వరం వచ్చిందా, వరుసగా రెండు రాత్రులు నిద్రలేని మనిషిని మళ్లీ పైకి ఎక్కిస్తున్నారా, ఇవన్నీ పట్టించుకున్నది జిల్లాల నుంచి వచ్చిన మా సంఘం నాయకులు. నిద్ర సరిపోని లైన్‌మన్ జంపర్ (రెండు తీగలను కలిపే ముక్క) తప్పుగా కలిపితే, అదే పని మళ్లీ చేయాలి, లేదా అతను ఇంటికి తిరిగి వెళ్లడు. విశ్రాంతి అడగడం పని ఎగ్గొట్టడం కాదు. గ్లోవ్స్ లేకుండా, బెల్టు లేకుండా ఎక్కను అని ఒక జూనియర్ కుర్రాడు ఆఫీసరు ముందు ధైర్యంగా చెప్పగలిగాడంటే, వెనక సంఘం ఉందన్న నమ్మకంతోనే.

అపోహ: వాళ్లందరికీ లక్షల జీతాలు, చేస్తే తప్పేంటి.

సర్వీసు ఎక్కువున్న రెగ్యులర్ ఉద్యోగికి మంచి జీతమే వస్తుంది, దాచేదేం లేదు, అది కూడా బేరసారాలతో, పోరాటాలతో వచ్చిందే. కానీ తుపాను ఫొటోల్లో మీకు కనబడే నలుగురిలో ఎంతమంది రెగ్యులర్? గుంట తీసేవాడు కాంట్రాక్టరు మనిషి. సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటర్ చాలాచోట్ల ఔట్‌సోర్సింగ్. సచివాలయాల్లో చేరిన ఎనర్జీ అసిస్టెంట్లు మాతో సమానంగా స్తంభాలెక్కుతున్నారు, జీతం సమానం కాదు.

ఒక తుపాను పనిలో, ఊరి పేరు వద్దు, ఇరవై మూడేళ్ల కుర్రాడు వాలిన స్తంభంతోపాటు కిందపడ్డాడు. నడుము విరిగింది. ఆ రోజు మస్టర్‌లో (హాజరు పుస్తకంలో) అతని పేరే లేదని కాంట్రాక్టరు అన్నాడు. పొద్దున్న మా అందరితో కలిసి అదే ఇడ్లీ పొట్లం విప్పిన కుర్రాడు, కాగితం మీద అక్కడ లేనే లేడు! మా సంఘం వాళ్లు పదకొండు రోజులు ఆఫీసు మెట్ల మీద కూర్చుంటే ఆసుపత్రి ఖర్చు, నష్టపరిహారం వచ్చాయి. మా తప్పు కూడా చెప్పుకోవాలి. కాంట్రాక్టు వాళ్లను మా వాళ్లుగా చూడటానికి రెగ్యులర్ ఉద్యోగుల సంఘాలు చాలా ఏళ్లు ఆలస్యం చేశాయి. ఆ కుర్రాడి తల్లి మొహం చూశాక నేను ఆ విషయంలో మీటింగుల్లో ఊరుకోవడం మానేశాను.

అపోహ: అండర్‌గ్రౌండ్ కేబుల్ వేస్తే ఇక ఏ తుపానుకూ కరెంటు పోదు.

గాలికి పోదు, నిజమే. హుద్‌హుద్ తర్వాత ప్రపంచ బ్యాంకు నిధులతో విశాఖలో వేశారు, మంచి పని. కానీ భూమిలో కేబుల్ పాడైతే ఎక్కడ పాడైందో కంటికి కనబడదు, పరికరాలతో వెతికి తవ్వాలి. వరదనీళ్లు వేరే సమస్య. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగినప్పుడు స్తంభాలు నిలబడే ఉన్నాయి, మునిగినవి మీటర్లు, స్విచ్ బోర్డులు. తడి బోర్డున్న ఇంటికి సప్లై ఇస్తే గోడ ముట్టుకున్నా షాకే. అలాంటప్పుడు ఇల్లిల్లూ తిరిగి చూసుకుని ఇవ్వడం తప్ప వేరే దారి లేదు.

అపోహ: వర్షం ఆగింది, ఇంకా ట్రిప్ అవుతోందంటే పని సరిగ్గా చేయలేదు.

సముద్రపు గాలి ఉప్పును తెచ్చి ఇన్సులేటర్ల మీద పూత పూస్తుంది. పొద్దున్న ఎండలో ఏమీ కాదు, రాత్రి మంచు పడగానే ఆ ఉప్పు తడిసి కరెంటు దాని మీదుగా పారుతుంది, ఫీడర్ పోతుంది. పగలు ఎంత వెతికినా కనబడదు. అందుకే రాత్రి రెండింటికి టార్చి ఆర్పేసి, లైన్ వెంబడి నడుస్తూ ఎక్కడ నీలంగా మెరుస్తుందో, ఎక్కడ చిర్రుమంటుందో చూస్తాం. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పడిపోయిన కొబ్బరిచెట్ల మధ్య అలా నడిచిన రాత్రులు మర్చిపోలేను. చేతికొచ్చిన తోటలు పోగొట్టుకున్న ఇళ్లవి. ఒక పెద్దాయన ఆ చీకట్లో లాంతరు పట్టుకుని మాతో కిలోమీటరు నడిచాడు, ఎక్కడ గొయ్యి ఉందో చూపించడానికి.

అపోహ: అంతా కరెంటు వాళ్లే చేశారు.

కాదు. అడ్డంగా పడ్డ చెట్లు ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) వాళ్లు, ఫైర్ వాళ్లు కోసి దారి ఇస్తేనే మా లారీ కదులుతుంది. ఎన్‌డీఆర్‌ఎఫ్ జవాన్లకు సంఘం పెట్టుకునే వీల్లేదు, వాళ్ల గురించి మాట్లాడాల్సింది మనమే. 108 అంబులెన్సుల వాళ్లు, మోకాలి లోతు బురదలో కాల్వలు తీసిన మున్సిపల్ పారిశుద్ధ్య కార్మికులు, వీళ్లకు మాకు పడినన్ని దండలు పడవు. జీతాల కోసం వాళ్లు టెంటు వేసుకుని కూర్చున్న రోజు అటు వెళ్తూ ఒకసారి ఆగి పలకరించండి.

అపోహ: లైన్‌మన్‌కు ఎంతో కొంత చేతిలో పెడితే మన వీధికి ముందు వస్తుంది.

ఇవ్వకండి. ఎవరైనా అడిగితే పై అధికారికి చెప్పండి, సంఘం మనిషిగానే చెబుతున్నాను. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాసిన నంబరు చూసి ఫిర్యాదులో చెప్పండి, మాకు వెతుకులాట తప్పుతుంది. మజ్జిగ ఇవ్వండి, కాసేపు మంచం వాల్చండి, బాత్‌రూమ్ వాడుకోనివ్వండి.

హుద్‌హుద్ అప్పుడు పెదవాల్తేరులో ఒక ఆవిడ ఉండేవారు. పంపు నడవదు, ఆవిడా వాళ్లాయనా పెరటి బావిలో నీళ్లు తోడి మా పదకొండు మందికీ బకెట్లు నింపి పెట్టారు. నాలుగు రోజుల తర్వాత మొదటి స్నానం. "మీ వీధి మా పనిలో లేదమ్మా, మాకు ఇచ్చింది వేరే ఫీడర్" అని ముందే చెప్పాం. "ఎవరికిస్తే ఏంటి నాయనా, పోసుకోండి" అన్నారు. వాళ్ల వీధికి కరెంటు ఇచ్చింది వేరే జిల్లా బృందం. అప్పటికి మేం మధురవాడ వెళ్లిపోయాం. ఆ రాత్రి పదిన్నరకు మా సీనియర్ ఫోన్ మోగింది, ఆవిడే. "లైటు వచ్చింది బాబూ, మీరు తిన్నారా" అని అడిగారు.