ఆటో ఇంజన్‌కి పార్కిన్సన్ జబ్బు!

చెన్నైలో బయోమెడికల్ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఒక తెలుగమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “మణికట్టుకు సెన్సర్ కట్టి పార్కిన్సన్ వణుకును కొలిచే ప్రాజెక్టు చేశామండీ. ల్యాబ్‌లో బాగానే పనిచేసింది. షేర్ ఆటో ఎక్కితే మాత్రం, మాలో ఎవరికి కట్టినా గ్రాఫ్‌లో 5 హెర్ట్జ్ దగ్గర పెద్ద శిఖరం లేస్తోంది. సెన్సర్ పాడైందంటారా?”

సెన్సర్‌కేమీ కాలేదు. జబ్బంతా కోడ్‌లో ఉంది.

పార్కిన్సన్ అంటే ఏమిటి, మెదడులో సంకేతాలు మోసే డోపమీన్ అనే రసాయనం ఎందుకు తగ్గుతుంది అన్న పాఠం ఎక్కడైనా దొరుకుతుంది కనుక వదిలేద్దాం. మనకిక్కడ కావలసినవి రెండు అంకెలు. పార్కిన్సన్ రోగి చేయి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు సెకనుకు 4 నుంచి 6 సార్లు, అంటే 4 నుంచి 6 హెర్ట్జ్ వేగంతో వణుకుతుంది. ఏ జబ్బూ లేని మన చేతులూ వణుకుతూనే ఉంటాయి. కాకపోతే కంటికి ఆననంత సన్నగా, సెకనుకు 8 నుంచి 12 సార్లు. స్మార్ట్‌వాచీలు, ప్రయోగశాలల పట్టీలు, విద్యార్థుల ప్రాజెక్టులు అన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి.

ఇక ఆటో సంగతి. వీళ్ల కోడ్‌లో ఒక రీడింగ్ తీసుకోవడం, 40 మిల్లీసెకన్లు ఆగడం, మళ్లీ రీడింగ్. అంటే సెకనుకు 25 రీడింగులు. సిగ్నల్ దగ్గర ఆగిన ఆటో ఇంజన్ నిమిషానికి 1200 చుట్లు తిరుగుతోందనుకోండి. సెకనుకు 20 చుట్లు, 20 హెర్ట్జ్ అదురు. సెకనుకు 25 సార్లు మాత్రమే చూసే కంటికి 20 హెర్ట్జ్ అదురు 20గా కనపడదు. 25 లోంచి 20 పోతే 5. అచ్చంగా పార్కిన్సన్ వేషంలో 5 హెర్ట్జ్ దగ్గరే ప్రత్యక్షమవుతుంది.

పాత సినిమాల్లో గుర్రబ్బండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనపడటం అందరూ చూసిందే. కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. చక్రం మీద ఒకే ఒక తెల్లగీత గీసి, దాన్ని సెకనుకు 23 చుట్లు తిప్పామనుకుందాం. ఒక బొమ్మకీ తర్వాతి బొమ్మకీ మధ్య గీత దాదాపు పూర్తి చుట్టు తిరిగి, మొదటి చోటికి కొంచెం వెనకగా ఆగుతుంది. చూసేవాడికి మధ్యలో జరిగిన చుట్టు తెలియదు, వెనక్కి జరిగిన ఆ కొంచెమే తెలుస్తుంది. అలా 24 బొమ్మలయ్యేసరికి చక్రం సెకనుకు ఒక చుట్టు చొప్పున వెనక్కి నడుస్తుంది. అదే చక్రాన్ని సెకనుకు సరిగ్గా 24 చుట్లు తిప్పితే కదలకుండా నిలబడిపోతుంది. 25 చుట్లు తిప్పితే నింపాదిగా ముందుకు. ఒకసారి ఫిల్ముకెక్కాక, అసలు చక్రం ఎంత వేగంతో తిరిగిందో ఎడిటర్ తలకిందులుగా తపస్సు చేసినా చెప్పలేడు. రీడింగులు తీసుకున్నాక కంప్యూటర్‌లో ఎంత గొప్ప ఫిల్టర్ పెట్టినా లాభం లేకపోవడానికి కారణం ఇదే. ఆ 5 హెర్ట్జ్‌లో రోగి వణుకెంతో, ఇంజన్ అదురెంతో విడదీసే ఆధారం డేటాలో మిగలదు. వడపోత రీడింగ్‌కి ముందే, సెన్సర్ లోపలే జరగాలి. అదురు వేగానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు రీడింగ్ తీయాలనే నైక్విస్ట్ సూత్రాన్ని మన పాఠాల్లో పరీక్షకి బట్టీ పట్టిస్తారు తప్ప, పిల్లల్ని ఒక్కసారి సెన్సర్‌తో ఆటో ఎక్కించరు.

చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే ఎంపీయూ 6050 కదలిక సెన్సర్ బోర్డులో ఆ వడపోత ఉంది. వాడేవాళ్లే తక్కువ. కరెంటు ఇవ్వగానే చిప్ నిద్రలో ఉంటుంది. 107వ రిజిస్టర్‌లో (చిప్ సెట్టింగులు దాచుకునే గడిలో) సున్నా రాస్తే లేస్తుంది. 26వ రిజిస్టర్‌లో 4 రాస్తే తిరిగే వేగాన్ని కొలిచే జైరోస్కోప్‌కి 20 హెర్ట్జ్ దగ్గర, త్వరణాన్ని కొలిచే యాక్సెలరోమీటర్‌కి 21 దగ్గర ఫిల్టర్ పడుతుంది, అంటే అంతకన్నా వేగమైన అదురు తగ్గుతూ పోతుంది. 25వ రిజిస్టర్‌లో 9 రాస్తే లోపలి వెయ్యి రీడింగులు పదో వంతై సెకనుకు 100 వస్తాయి. ఇప్పుడు ఇంజన్ అదురు 20 దగ్గరే, తన సొంత ముఖంతో కనపడుతుంది. 5 హెర్ట్జ్ వేషం వేయాలంటే ఏదైనా 95 దగ్గరో 105 దగ్గరో అదరాలి. అంత పైనున్నదాన్ని ఫిల్టర్ ముందే నలిపేస్తుంది.

ఇక్కడో గొయ్యి ఉంది. అదే పేరుతో అమ్మే బోర్డుల్లో వేరే చిప్పులు వచ్చేస్తున్నాయి. 117వ రిజిస్టర్‌ని చదవండి: 104 వస్తే 6050, 112 వస్తే అది 6500. రెండో దాంట్లో యాక్సెలరోమీటర్ ఫిల్టర్ 29వ రిజిస్టర్‌లో విడిగా ఉంటుంది. 26లో ఏం రాసినా జైరోస్కోప్ మాత్రమే వింటుంది, యాక్సెలరోమీటర్ తలుపు బార్లా తెరిచే ఉంటుంది. సగం డేటా శుభ్రంగా, సగం చెత్తగా వచ్చి, ఎందుకో తెలియక జుట్టు పీక్కునేది ఇక్కడే.

రీడింగుల మధ్య “ఆగు” అని రాయడం ఇంకో తప్పు. 40 మిల్లీసెకన్లు ఆగి, చదవడానికీ రాయడానికీ ఇంకో 2 పడితే అసలు వేగం 25 కాదు, 23.8. ప్రోగ్రామ్ మాత్రం 25 అనుకుని లెక్క కడుతుంది, అన్ని ఫ్రీక్వెన్సీలూ 5 శాతం పెరిగిపోతాయి. 6050లో 1024 బైట్ల ఫిఫో, అంటే రీడింగులు వరసగా చేరే చిన్న తొట్టి ఉంది, దాన్ని వాడండి. జైరోస్కోప్ మూడు అక్షాలకు సెకనుకు 600 బైట్లు, కనుక అది నిండటానికి 1.7 సెకన్లు పడుతుంది. ఆలోగా వచ్చి తోడుకుంటే చాలు. రోజంతా రాసినా 52 మెగాబైట్లు. మెమరీ కార్డులో దాచుకోవచ్చు. వైఫై వెలిగించి పంపాలని చూస్తే బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేస్తుంది.

యాక్సెలరోమీటర్ వద్దు, జైరోస్కోపే ముద్దు అని నా పక్షపాతం. కారణం గురుత్వాకర్షణ. మధ్యస్థానం నుంచి అటు 1 సెంటీమీటరు, ఇటు 1 సెంటీమీటరు, సెకనుకు 5 సార్లు ఊగే చేతి త్వరణం గరిష్ఠంగా 9.87 మీటర్లు పర్ సెకండ్ స్క్వేర్డ్. అంటే దాదాపు ఒక జీ, భూమి ఆకర్షణంత! ఇంత చక్కగా కుదిరిన అంకె ఈ రంగంలో ఇంకోటి లేదు, గుర్తుపెట్టుకోండి: 5 హెర్ట్జ్ దగ్గర 1 సెంటీమీటరు ఒక జీ, 1 మిల్లీమీటరు జీలో పదో వంతు. కాబట్టి 2 జీల రేంజ్ చాలదు. భూమి ఆకర్షణే ఒక జీ తినేస్తుంది. 8 జీలు పెట్టాలి.

కానీ పార్కిన్సన్ చేయి ఇలా తిన్నగా ఊగదు. బొటనవేలూ చూపుడువేలూ మాత్ర నలుపుతున్నట్టు కదులుతూ, మణికట్టు మెలితిరుగుతుంది. మణికట్టు 10 డిగ్రీలు వంగితే చాలు, చేయి అంగుళం జరగకపోయినా గురుత్వంలో 0.17 జీ ఆ అక్షం మీద పడుతుంది. యాక్సెలరోమీటర్ దాన్ని 1.7 మిల్లీమీటర్ల ఊగుడుగా చదువుతుంది. ఏది వంపో, ఏది జరగడమో దానికి తెలియదు. పైగా దూరం తెలుసుకుందామని త్వరణాన్ని రెండుసార్లు ఇంటిగ్రేట్ చేస్తారు, అంటే రీడింగులను కాలంతో గుణించి కూడుకుంటూ పోతారు. 0.01 జీ తేడా ఉన్నా పది సెకన్లలో చేయి ఐదు మీటర్ల అవతలికి వెళ్లిపోయిందని తేలుతుంది. జైరోస్కోప్‌కి గురుత్వంతో నిమిత్తం లేదు. 5 హెర్ట్జ్ దగ్గర కోణం కావాలంటే కొలిచిన వేగాన్ని 31.4తో (2π × 5) భాగించడమే. 10 డిగ్రీల మెలికకు 314 డిగ్రీలు పర్ సెకండ్ వస్తుంది కనుక 250 రేంజ్‌లో శిఖరాలు తెగిపోతాయి, 1000 పెట్టండి.

పరికరం నిజం చెబుతోందో లేదో చూడటానికి రోగి అక్కర్లేదు. 300 ఆర్పీఎం గేర్ మోటారు కొని, 1 సెంటీమీటరు క్రాంక్ బిగించి, 10 సెంటీమీటర్ల కడ్డీతో బల్లమీద అడ్డంగా జారే చెక్కముక్కను కదిలించండి. సెన్సర్ ఆ చెక్కముక్క మీద ఉండాలి. 5 హెర్ట్జ్, దాదాపు ఒక జీ రావాలి. బరువు పడితే మోటారు నెమ్మదిస్తుంది, అందుకని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చుట్లు లెక్కపెట్టాలి.

ఇంత చేసినా 5 హెర్ట్జ్ శిఖరం పార్కిన్సన్‌కి సాక్ష్యం కాదు. పళ్లు తోముకునే చేయి దాదాపు అక్కడే కదులుతుంది. ఆటో ఇంజన్‌ది నాలుగు స్ట్రోకుల బతుకు కనుక పేలుడు రెండు చుట్లకోసారి, అంటే 10 హెర్ట్జ్. అది నిజమైన 10 హెర్ట్జ్, మన ఫిల్టర్ ఆపదు, మామూలు వణుకుండే 8 నుంచి 12లోనే వచ్చి పడుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనే వేరే జబ్బు 4 నుంచి 12 వరకూ ఎక్కడైనా ఉంటుంది. కుటుంబాల్లో వస్తుంటుంది, కాఫీ టంబ్లర్ ఎత్తినప్పుడు తొణికించేది చాలాసార్లు ఇదే. తేడా చేయి ఏం చేస్తోందన్న దాంట్లో ఉంది. అందుకని మూడు పరీక్షలూ విడివిడిగా రికార్డు చేయాలి. మొదట చేతులు ఒళ్లో పెట్టుకుని ఒక నిమిషం, వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టించాలి. మనసు లెక్కలో పడగానే దాక్కున్న పార్కిన్సన్ వణుకు బయటికొస్తుంది. తర్వాత చేతులు ముందుకు చాపించి ఒక నిమిషం. పార్కిన్సన్‌లో వణుకు మొదట ఆగి, కొన్ని సెకన్ల తర్వాత మళ్లీ మొదలవుతుంది. ఎసెన్షియల్ ట్రెమర్‌లో చాపిన వెంటనే ఉంటుంది. చివరికి సగం నీళ్లున్న గ్లాసు నోటిదాకా. అనుమానం తీరకపోతే మణికట్టుకు అరకిలో బరువు కట్టి మళ్లీ చూస్తారు. మామూలు వణుకు వేగం తగ్గుతుంది. మెదడు నడిపించే వణుకు బరువును లెక్కచేయదు, దాని వేగం మారదు.

వాడే మందుల చీటీ కూడా చూడాలి. తలతిరుగుడుకని ఏళ్ల తరబడి మింగే సినరిజిన్, ఫ్లునరిజిన్ మాత్రలు అచ్చు పార్కిన్సన్ లక్షణాలే తెప్పించగలవు. ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ వణికిస్తుంది.

వణుకు తగ్గిస్తాయంటూ అమ్మే అయస్కాంత కంకణాలను ఈ వాచీతోనే పరీక్షించవచ్చు, కాకపోతే జాగ్రత్తగా. కంకణం పెట్టుకున్న రోజు వణుకు నిజంగానే తగ్గొచ్చు! 2001లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పెట్ స్కాన్ (మెదడులో రసాయనాల పనిని చూపే స్కాన్) అధ్యయనంలో, ఉత్త సెలైన్ ఇంజెక్షన్‌ని మందని ఆశపడిన పార్కిన్సన్ రోగుల మెదడులో డోపమీన్ విడుదలైంది. నమ్మకానికి ఫలితం ఉంది, అయస్కాంతానికి లేదు. దూలగొండి గింజల సంగతి వేరు. వాటిలో లెవోడోపా, అంటే మెదడులో డోపమీన్‌గా మారే పార్కిన్సన్ మందు ఉందని 1937లో మన చేపాక్‌లోని మద్రాసు విశ్వవిద్యాలయ ప్రయోగశాలలోనే దామోదరన్, రామస్వామి తేల్చారు. అంతమాత్రాన చూర్ణం కొని మాత్రలతో కలిపి మింగకూడదు. ఒక చెంచాలో మందు ఎంతుందో తెలియదు, మోతాదు మించితే చేతులు మెలికలు తిరుగుతాయి.

రోగ నిర్ణయం డాక్టరు చూపుకే వదిలేసి, వాచీని మందు వేళల లెక్కకి పెడితే ఎక్కువ ఉపయోగం. మెదడు చేరేలోగా దాన్ని వృథా కాకుండా కాపాడే కార్బిడోపాతో కలిపి ఇచ్చిన లెవోడోపా రక్తంలో గంటన్నరకి సగమవుతుంది. 5.12 సెకన్ల చొప్పున, అంటే 512 రీడింగులకొకసారి, 4 నుంచి 6 హెర్ట్జ్ మధ్య శక్తిని లెక్కకట్టి, రోజంతా గీతగా గీసి, మాత్ర వేసుకున్న వేళల్ని దాని మీద గుర్తుపెట్టండి. ఏ మాత్ర ఎప్పుడు పట్టింది, తర్వాతి దానికి ఎంత ముందే వదిలేసింది కనపడుతుంది. మధ్యాహ్నం మాత్ర ఒక్కటే పట్టకపోతే కంచం చూడాలి: పప్పు, మాంసం, గుడ్డు లాంటి వాటిలోని అమైనో ఆమ్లాలూ, లెవోడోపా మందూ పేగులోంచి రక్తంలోకి, రక్తంలోంచి మెదడులోకి ఒకే దారిన పోటీపడి వెళ్లాలి. మాత్రను భోజనానికి అరగంట ముందుకి జరపవచ్చా అని డాక్టరునడిగి, మరో వారం గీత గీసి చూడండి. ఐరన్ మాత్రలు వాడుతుంటే వాటికీ లెవోడోపాకీ రెండు గంటల ఎడం ఉండాలి.