భారత్–నేపాల్ వాణిజ్యం: అపోహలు – వాస్తవాలు

అపోహ: సరిహద్దు తెరిచే ఉంది కాబట్టి సరుకుకు కాగితాలు అక్కర్లేదు.

వాస్తవం: పాస్‌పోర్టు, వీసా లేకుండా రాకపోకల వెసులుబాటు రెండు దేశాల పౌరులకే. సరుకు మాత్రం రెండు దేశాల వాణిజ్య ఒప్పందంలో పేర్కొన్న కస్టమ్స్ కేంద్రాల గుండానే దాటాలి. రక్సౌల్ (బీహార్)–బీర్‌గంజ్ (నేపాల్) వాటిలో ముఖ్యమైనది.

అపోహ: నేపాల్‌లో తయారైన వస్తువుకు భారత్‌లో సుంకం ఉండదు.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మూడో దేశపు ముడిసరుకు వాడిన వస్తువుకు సుంకం మినహాయింపు రావాలంటే సాధారణంగా రెండు పరీక్షలుంటాయి. ఆ ముడిసరుకు విలువ ఎఫ్‌ఓబీ ధరలో (ఎగుమతికి ఎక్కించేదాకా అయ్యే ధర) 70 శాతం మించకూడదు. తయారీ తర్వాత హెచ్‌ఎస్ కోడ్ (కస్టమ్స్‌లో సరుకు రకాన్ని తెలిపే సంఖ్య) మొదటి నాలుగంకెలు మారాలి. ముడి సోయా నూనె, శుద్ధి చేసిన సోయా నూనె రెండూ 1507 కిందే ఉన్నాయి; శుద్ధి చేసినంత మాత్రాన రెండో పరీక్ష నెగ్గదు.

లెక్కలో ఇంకో మెలిక ఉంది. ఎక్కడిదో తేలని ముడిసరుకును కూడా మూడో దేశపు ఖాతాలోనే వేస్తారు. భారత్ నుంచి కొన్నది ఆ ఖాతాలోకి రాదు గానీ, బిల్లు చూపించగలగాలి. కొనుగోలు బిల్లులు పారేసిన ఫ్యాక్టరీకి 60 శాతమే ఉన్న మూడో దేశపు వాటా కాస్తా కాగితం మీద 75 అవుతుంది. మూలధ్రువపత్రం (సరుకు ఏ దేశంలో తయారైందో చెప్పే పత్రం) చేతికొచ్చింది కదా అని దిగుమతిదారు నిశ్చింతగా ఉండటానికీ లేదు: 2020 నాటి కస్టమ్స్ నిబంధనల ప్రకారం మూలానికి సంబంధించిన సమాచారం అతని దగ్గరే ఉండాలి, పత్రాలను కనీసం ఐదేళ్లు దాచాలి. అడిగినప్పుడు చూపలేకపోతే సుంకం రాయితీ పోవచ్చు.

వనస్పతి, యాక్రిలిక్ నూలు, రాగి ఉత్పత్తులు, జింక్ ఆక్సైడ్‌లకు వార్షిక కోటాలున్నాయి. వనస్పతికి అది లక్ష టన్నులు.

అపోహ: నేపాల్‌కు ఓడరేవు దారి ఇవ్వడం కేవలం భారత్ దయ.

వాస్తవం: తీరం లేని దేశాలకు సముద్రానికి చేరే హక్కును 1982 ఐరాస సముద్ర చట్ట ఒడంబడిక గుర్తించింది. ఏ దారిన, ఏ షరతులపై అన్నది ఇరు దేశాలూ ఒప్పందంలో తేల్చుకోవాలి. అందుకే కోల్‌కతా, హల్దియాలతో పాటు మన విశాఖ రేవులో కూడా నేపాల్ కంటైనర్లు దిగుతాయి. ఎలక్ట్రానిక్ సీలు పడి, రైల్లో బీర్‌గంజ్ చేరతాయి. ఇన్వాయిస్, లెటర్ ఆఫ్ క్రెడిట్ (బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ), ట్రాన్సిట్ డిక్లరేషన్ (భారత్ గుండా సరుకు దాటించేందుకు కస్టమ్స్‌కు ఇచ్చే పత్రం)లలో సరుకు వివరాలు ఒకేలా లేకపోతే పెట్టె రేవులోనే నిలిచిపోతుంది, అద్దె పెరుగుతూ పోతుంది.

అపోహ: దౌత్యం చెడితే వాణిజ్యం ఆగిపోతుంది.

వాస్తవం: అసలు ముఖ్యం ఒప్పందాలు అమల్లో ఉన్నాయా అన్నది. 1989 మార్చిలో ఒప్పందాల గడువు ముగిసింది, కొత్తవి కుదరలేదు. భారత్ రెండు ట్రాన్సిట్ కేంద్రాలు తప్ప మిగతావన్నీ మూసేసింది. నేపాల్‌లో ఇంధనానికి కటకట ఏర్పడింది. 2020లో మాత్రం సరిహద్దు ప్రాంతాలైన కాలాపానీ, లిపులేఖ్ పటాల వివాదం తీవ్రంగా సాగినా ఒప్పందాలు అమల్లోనే ఉన్నాయి. 2019లో మొదలైన మోతీహారి–అమ్లేఖ్‌గంజ్ పైపులైనులో డీజిల్ పారుతూనే ఉంది. 2021లో రైలు సేవల ఒప్పందాన్ని సవరించి ప్రైవేటు కంటైనర్ రైళ్లకూ దారి తెరిచారు.