"ఒక్కసారి ధైర్యం చేసి కొడితే అయిపోతది": పల్టీల భయం మీద అపోహలు, వాస్తవాలు

హనుమకొండలో పిల్లలకు జిమ్నాస్టిక్స్ నేర్పుతుంటాను. ఎండాకాలం సెలవులు మొదలైతే చాలు, ఫోన్లు పెరుగుతాయి. ఎక్కువమంది అడిగేది ఒకటే, బ్యాక్ ఫ్లిప్ అంటే వెనక్కి పల్టీ గురించి. "సార్, మావోనికి అన్నీ వచ్చు. కార్ట్‌వీల్ వస్తది, రౌండాఫ్ వస్తది. బ్యాక్ ఫ్లిప్ కాడికి వచ్చేసరికే గజగజ వణుకుతడు. జర ఆ భయం పోగొట్టుండ్రి." కొందరు తండ్రులైతే పిల్లాడి ఎదురుగానే "ఉత్త పిరికోడు సార్" అని నవ్వుతారు. వాడు నేల చూపులు చూస్తుంటాడు. డ్యాన్స్ గ్రూపుల కుర్రాళ్లు, రీల్స్ కోసం వచ్చే డిగ్రీ పిల్లలు, ముప్పై దాటాక సరదా పుట్టినవాళ్లు, ఎవరొచ్చినా ఇదే గోడు.

చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీద ఫోన్ చేసినవాళ్లకు ఇదే పంపిస్తా.

అపోహ: ఒక్కసారి ధైర్యం చేసి కొట్టేస్తే భయం దానంతటదే పోతది

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు. చేతికి కట్టుతో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఈ మాట నమ్మినవాళ్లే. సాయంత్రం పూట ఖిలా వరంగల్ వైపు వెళ్లండి, పచ్చిక మీద కనిపిస్తారు. ఒకడు ఫోన్ పట్టుకుని ఉంటాడు. ఇద్దరు "ఏం గాదు, కొట్టురా" అంటుంటారు. మధ్యలో ఉన్నవాడు చేతులు ఊపుతాడు, ఆగిపోతాడు, మళ్లీ ఊపుతాడు. "వన్, టూ, త్రీ" అని లెక్క మొదలవుతుంది. చివరికి పరువు పోతుందని కళ్లు మూసుకుని వెనక్కి వాలిపోతాడు. దాన్ని ఎగరడం అనరు, పడడం అంటారు.

అసలు గాలిలో ఏం జరుగుతుందో చూడండి. నిలబడ్డ చోటి నుంచి 40 సెంటీమీటర్లు పైకి లేచాడనుకుందాం, కొత్తగా నేర్చుకునేవాడికి అది మంచి ఎత్తే. లెక్క కడితే అతను గాలిలో ఉండేది సుమారు 0.57 సెకను. ఏదైనా చూసి, అర్థం చేసుకుని, ఒళ్లు కదిలించడానికే మనిషికి 0.2 సెకను దాకా పడుతుంది. అంటే "అమ్మో" అనుకునేలోపే సగం దారి దగ్గరపడి తల కిందికి వస్తుంటుంది. పైగా కాళ్లు నేల వదిలాక కొత్తగా తిరుగుడు పుట్టదు. నేల మీద ఎంత తీసుకుంటే అంతే. మోకాళ్లను గుండెకు లాక్కుంటే వేగంగా తిరుగుతాం, విప్పితే నెమ్మదిస్తాం. మరి భయపడ్డ ఒళ్లు మొట్టమొదట చేసే పనేమిటి? విప్పడమే. సగం తిరిగి, తల నేలవైపు ఉన్నప్పుడు విప్పితే తర్వాత నేలకు తగిలేది తలో మెడో, లేదా అడ్డం పెట్టిన చెయ్యో. చెయ్యి అడ్డం పెట్టినవాడు అదృష్టవంతుడు, మణికట్టుతోనో మోచేతితోనో బయటపడతాడు.

అందుకని మా హాల్లో ఒక రూలు పెట్టాను. కాళ్లు నేల మీద ఉన్నంతసేపు ఎన్నిసార్లయినా ఆగొచ్చు, ఎవరూ నవ్వకూడదు. కాళ్లు లేచాయంటే మాత్రం మోకాళ్లు విడవకూడదు. సగం మనసుతో ఎగిరే హక్కు ఎవరికీ లేదు. పక్కన నిలబడి "వన్, టూ, త్రీ" అన్నవాణ్ని ఆ పూటకు బయటికి పంపేస్తాను.

ఈ అపోహకు ఎంత ఖరీదో చూడాలంటే 1980 నాటి సంగతి చాలు. సోవియట్ అమ్మాయి ఎలెనా ముఖినా 1978లో ఆల్‌రౌండ్ (అన్ని అంశాలూ కలిపి) ప్రపంచ ఛాంపియన్. విరిగిన కాలు పూర్తిగా కుదుటపడకముందే, మాస్కో ఒలింపిక్స్ దగ్గర పడుతున్నాయని, థామస్ సాల్టో అనే విన్యాసం ఆమెతో పదేపదే సాధన చేయించారు. అది ప్రమాదమని తను చెబుతూనే ఉంది. జులైలో మిన్స్క్‌లో సాధన చేస్తుండగా ఎత్తు చాలక, తిరుగుడు పూర్తికాక గడ్డం మీద పడింది. మెడ ఎముకలు విరిగాయి. అప్పటికి ఆమెకు 20 ఏళ్లు. 2006లో చనిపోయేదాకా మంచానికి, చక్రాల కుర్చీకే పరిమితమైంది. ప్రపంచ ఛాంపియన్‌కు ధైర్యం తక్కువై అలా జరిగిందని ఎవరైనా అనగలరా? ఆమె భయం సరైన మాటే చెప్పింది. వినాల్సినవాళ్లు వినలేదు.

వాస్తవం ఏమిటంటే, ఎంత గట్టిగా చెప్పినా తలలో భయం పోదు. ఒంటికి దారి తెలిసేకొద్దీ అది తగ్గుతుంది. వెనక్కి పల్టీ అంటే కంటికి కనిపించని వైపు, తలకిందులుగా పోవడం. పుట్టి బుద్ధెరిగాక ఆ ఒళ్లు ఎప్పుడూ చేయని పని అది. భయపడకపోతేనే నాకు అనుమానం. కాబట్టి ముక్కలు చేసి నేర్పుతాం. ముందు ఏటవాలు మ్యాట్ మీద వెనక్కి దొర్లడం. తర్వాత మ్యాట్లు నడుమెత్తున పేర్చి, నిటారుగా పైకి ఎగిరి వాటి మీద వీపు మోపి పడడం. ఇది చూడ్డానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది కానీ సగం భయం ఇక్కడే తీరుతుంది, ఎందుకంటే వెనక్కి పోయినా ఏమీ కాలేదని ఒళ్లు స్వయంగా చూసుకుంటుంది. ఆపైన బార్ పట్టుకుని వేలాడుతూ మోకాళ్లు గుండెకు లాక్కోవడం. అప్పుడు గానీ స్పాటింగ్‌తో, అంటే కోచ్ చేతి ఆసరాతో, పూర్తి పల్టీ ఉండదు. ఏ మెట్టు దగ్గర గుండె దడ పెరిగితే దానికి ఒక మెట్టు కిందికి దిగి, అక్కడ నవ్వుకుంటూ చేసేదాకా ఉండాలి. కొందరికి వారం, కొందరికి మూడు నెలలు. పక్కవాడితో పోలిక పెట్టారంటే ఇంకో నెల.

స్పాటింగ్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పల్టీ కొట్టేవాళ్ల పక్కన నిలబడి ఒక చెయ్యి నడుము కింద, ఇంకో చెయ్యి తొడ వెనక పెడతాం. ఒకటి ఎత్తు ఇస్తుంది, ఒకటి తిప్పుతుంది. కాజీపేట నుంచి వచ్చే పదో తరగతి అమ్మాయి ఒకామె ఉండేది. చాక్ పూసుకున్న చేతులు ప్యాంటుకు తుడుచుకోవడం, భుజం మీదుగా వెనక్కి చూడడం, "సార్, చెయ్యి ఉందా?" అనడం, ప్రతిసారీ ఇదే వరస. ఉందమ్మా అంటేనే ఎగిరేది. కొన్నాళ్లకు నా చేతి మీద బరువు పడడం తగ్గింది. ఆ మాట ఆమెకే చెప్పాను: "ఇయ్యాల నేను ఎత్తలేదు, ఊకె ఆనిచ్చిన." నమ్మలేదు. మర్నాటి నుంచి అరచెయ్యి తీసేసి రెండు వేళ్లు పెట్టాను, అదీ ముందే చెప్పి. ఇంకొన్నాళ్లకు తనే చాక్ డబ్బా దగ్గర నిలబడి "సార్, ఇయ్యాల మీరు జర దూరం నిలవడుండ్రి" అంది. నేను రెండడుగులు జరిగాను. ఆమె కొట్టింది. దిగాక వెనక్కి తిరిగి, నేను నిజంగా జరిగానా లేదా అని చూసుకుంది.

కొందరు కోచ్‌లు చెప్పకుండా చెయ్యి తీసేస్తారు. "చూశావా, నేను పట్టుకోలేదు, నువ్వే కొట్టావ్" అని గొప్పగా చెబుతారు. నాకు అస్సలు నచ్చని పద్ధతి. ఆ ఒక్క పల్టీ వస్తుంది, నిజమే. మర్నాటి నుంచి ఆ పిల్ల మీ చేతిని నమ్మదు. కోచ్ చేతి మీద నమ్మకం పోయాక స్పాటింగ్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అపోహ: పెద్ద ప్లేయర్లకు భయం ఉండదు, వచ్చిన ఫ్లిప్ పోదు

అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ టోక్యోలో "భయపడి పారిపోయింది" అని ఇప్పటికీ వాదించే అంకుల్స్ ఉన్నారు. 2021లో జరిగిన ఆ ఒలింపిక్స్ టీమ్ ఫైనల్లో ఆమె వాల్ట్ (పరుగెత్తి వచ్చి బల్ల మీద చేతులు మోపి ఎగిరే అంశం) మీద రెండున్నర మెలికలు తిరగాల్సింది, ఒకటిన్నర దగ్గరే ఆగిపోయింది. గాలిలో తను ఎక్కడుందో తనకే తెలియని స్థితి అది. జిమ్నాస్టులు దాన్ని ట్విస్టీస్ అంటారు. ఆ స్థితిలో ఇంకోసారి ఎగరమనడం ముఖినా కథ మళ్లీ రాయడమే. ఆమె తప్పుకుంది. కొన్ని రోజులకే బీమ్ (సన్నని దూలం మీద చేసే అంశం) ఫైనల్‌కు వచ్చి, దిగేటప్పుడు మెలికలు లేని డబుల్ పైక్ (కాళ్లు చాచి నడుము దగ్గర మడిచి కొట్టే రెండు పల్టీలు) వేసి కాంస్యం తీసుకుంది. ఒక మెట్టు కిందికి దిగడమంటే అదే. 2024 పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం.

మన పిల్లల్లో ఇది ఎక్కువగా పదమూడు, పద్నాలుగేళ్లప్పుడు కనిపిస్తుంది. ఎండాకాలంలో చకచకా బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (చేతుల మీదుగా వెనక్కి పల్టీ) వేసినవాడు దసరా సెలవుల తర్వాత వచ్చి మొరాయిస్తాడు. ఇంట్లోవాళ్లు దిష్టి తగిలిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. కట్టించండి, నాకేం అభ్యంతరం లేదు, సాధన అప్పుడు మాత్రం తీసి పక్కన పెట్టండి. చాలాసార్లు అసలు కారణం వాడు పొడుగవడం. కాళ్లు చేతులు పెరిగాయి, పాత టైమింగ్ పని చేయడం లేదు. ఆ తేడా ఒంటికి తెలిసింది, నోటికి చెప్పడం రాలేదు. తిట్టకండి. మ్యాట్ల దగ్గరికి తీసుకెళ్లి మొదటి మెట్టు నుంచి నడిపిస్తే మొదటిసారి కంటే చాలా తొందరగా తిరిగి వస్తుంది.

అపోహ: బాయిల పల్టీ కొట్టినోనికి నేల మీద లెక్కనా

ఊళ్ల నుంచి వచ్చే కుర్రాళ్లది ఈ ధీమా. వ్యవసాయ బావి గట్టు మీది నుంచి చిన్నప్పుడు అందరం దూకినవాళ్లమే. మూడు మీటర్ల ఎత్తు నుంచి ఊరికే పడినా 0.78 సెకను దొరుకుతుంది, దానికి మీరు పైకి ఎగిరిన సమయం అదనం. తిరుగుడు ఎక్కువైనా తక్కువైనా నీళ్లు సర్దుకుంటాయి. నేల సర్దుకోదు. ఇంకో మాట. ఎండాకాలంలో బావుల్లో, కాలువల్లో నీళ్లు తగ్గుతాయి. నిరుడు దూకిన చోటే కదా అని తల ముందు పెట్టి దూకితే మెడ విరుగుతుంది. లోతు చూసుకోకుండా ఎంత ఈతగాడైనా దూకొద్దు.

దీని తమ్ముడే ఇసుక అపోహ. వాగు ఒడ్డున ఇసుక మెత్తగా ఉంటుందని అక్కడ మొదలుపెడతారు. పొడి ఇసుకలో కాలు దిగబడి ఎత్తు రాదు. నీటి అంచున తడి ఇసుక గట్టిపడి సిమెంటు గచ్చులా ఉంటుంది. రెండూ మొదటి పల్టీకి పనికిరావు. ఇంట్లో పరుపు సంగతి అడగనే వద్దు, ఎగిరితే గోడకో మంచం కోడుకో తగులుతారు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. "తల వెనక్కి విసిరితే తొందరగా తిరుగుతాం" అన్నది యూట్యూబ్ తెచ్చిన జబ్బు. తల ముందే విసిరితే వీపు వంగిపోయి ఎత్తు పోతుంది. చేతులు పైకి లేపి, చూపు ఎదురుగా పెట్టి ముందు నిటారుగా ఎగరాలి, ఆ తర్వాతే మోకాళ్లు. "ఫ్రంట్ ఫ్లిప్ సులువు, అది ముందు నేర్పండి" అంటారు. ఎగరడానికి అది తక్కువ భయం, నిజమే, కానీ దిగేటప్పుడు నేల కనిపించదు. మడమలు, మోకాళ్లు దెబ్బతినేది అక్కడే. జిమ్నాస్టిక్స్ చేస్తే పొట్టిగా అయిపోతారన్నది తలకిందుల లెక్క. పొట్టివాళ్లకు తిరగడం తేలిక కాబట్టి వాళ్లే పైదాకా వెళ్తారు, టీవీలో వాళ్లే కనిపిస్తారు.

ఆడపిల్లల తల్లులు పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగేది ఒకటుంది: రేపు పెళ్లయ్యాక పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉండదా అని. వాళ్ల మీద నాకు కోపం రాదు, ఎవరో బంధువు ఆ మాట అని భయపెట్టి ఉంటుంది. ఉండదమ్మా. ఉజ్బెకిస్థాన్‌కు చెందిన ఒక్సానా చుసోవిటినా బిడ్డ తల్లి. 46 ఏళ్ల వయసులో టోక్యోలో తన ఎనిమిదో ఒలింపిక్స్ ఆడింది. వయసు దాటిపోయిందనేవాళ్లకూ నా జవాబు ఆమే. మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చింది. ఆ పోటీల్లో మన దేశానికి అదే తొలి వ్యక్తిగత పతకం. ముప్పై దాటినవాళ్లు నేర్చుకోవచ్చు, కాకపోతే భుజాలు, మడమలు, నడుము ముందు గట్టిపరచుకోవాలి. బీపీ, పాత మెడనొప్పి, డిస్క్ సమస్య ఉంటే ముందు డాక్టర్ మాట, తర్వాత నా మాట.

ఎవరైనా మెడ మీద పడితే

అపోహల్లో ప్రాణం మీదికి తెచ్చేది ఇదే. పడ్డవాణ్ని నలుగురు పట్టి లేపి కూర్చోబెడతారు, మెడ అటూ ఇటూ తిప్పి "ఏం గాలేదు" అంటారు, నీళ్లు తాగిస్తారు, బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకుపోతారు. మెడ ఎముక చిట్లి ఉంటే లోపలి నరాలు తెగేది ఇలా లేపడంలోనే. పడ్డవాణ్ని పడ్డట్టే ఉంచండి. ఒకరు తల దగ్గర కూర్చుని రెండు చేతులతో తల కదలకుండా పట్టుకోండి. మాట్లాడిస్తూ ఉండండి, ఊపిరి గమనించండి. 108కి ఫోన్ చేసి మెడ మీద పడ్డాడని స్పష్టంగా చెప్పండి. చేతులు కాళ్లు తిమ్మిరిగా ఉన్నాయన్నా, కదలడం లేదన్నా అసలు కదిలించొద్దు. లేచి నడిచినా సరే, మెడ నొప్పి ఉంటే ఆరోజే డాక్టర్‌కు చూపించాలి.

ఇక రావాలనుకునేవాళ్లకు: జీన్స్ వేసుకుని రావద్దు, మోకాలు గుండె దాకా రాదు. గొలుసులు, కడియాలు, చెవి రింగులు ఇంట్లో పెట్టి రండి. భోజనం చేసి రెండు గంటలైనా గడవాలి. పిల్లలను దింపిన తల్లిదండ్రులు హాల్లో కూర్చోవచ్చు, కానీ "కొట్టు, కొట్టు" అని అరిచేవాళ్లను బయట వేపచెట్టు కిందికి పంపిస్తాను, అక్కడ బెంచీ ఉంది.