తల్లిదండ్రుల సమావేశానికి టీచర్లు ఎందుకు రారు? కొన్ని అపోహలు, కొన్ని వాస్తవాలు

ఇరవై రెండేళ్లుగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో పనిచేస్తున్నాను. అందులో చివరి ఎనిమిదేళ్లు ప్రధానోపాధ్యాయురాలిగా. తల్లిదండ్రుల కమిటీ సమావేశాలు, సంక్రాంతి ముగ్గుల పోటీలు, ఫిబ్రవరి 28న సైన్స్ దినోత్సవం, పదో తరగతి పిల్లల వీడ్కోలు... ఇలాంటివి చాలా జరిపించాను. దాదాపు ప్రతిసారీ కమిటీలోని తల్లుల నుంచి ఒకే మాట వచ్చేది: "మేము కూలి మానుకుని వస్తున్నాం మేడమ్. మీ టీచర్లే కనపడరు." స్టాఫ్ రూములోకి వెళితే ఇంకో మాట: "సిలబస్ పూర్తి కాక మేము తల పట్టుకుంటుంటే మధ్యలో ఈ కార్యక్రమాలు ఏమిటి మేడమ్?" ఇద్దరి బాధా నిజమే. అయితే ఆ బాధ మీద పేరుకున్న కొన్ని నమ్మకాలు మాత్రం నిజం కావు.

అపోహ: టీచర్లకు ఆసక్తి లేదు, అందుకే రారు.

వాస్తవం: రాని ప్రతి టీచరునూ విడిగా కూర్చోబెట్టుకుని అడిగాను. "ఇష్టం లేదు" అని చెప్పినవారు చాలా తక్కువ. ఎక్కువమంది చెప్పిన కారణం బస్సు.

ఇప్పుడున్న బడికి ముందు నేను పనిచేసిన బడిలో పద్నాలుగు మందిమి ఉండేవాళ్లం. తొమ్మిది మంది పట్టణం నుంచి వచ్చి వెళ్లేవారు. సాయంత్రం నాలుగూ యాభైకి ఒక బస్సు, అది తప్పితే ఆరున్నరకే. మేము సమావేశాన్ని నాలుగున్నరకు పెట్టేవాళ్లం. టీచర్లు వచ్చి కూర్చున్నా కళ్లన్నీ గడియారం మీదే. ఎదురుగా కూర్చున్న తల్లులు దాన్ని మరోలా అర్థం చేసుకున్నారు: "మాతో మాట్లాడటం వీళ్లకు ఇష్టం లేదు." వాళ్లు అలా అనుకోవడంలో తప్పు లేదు, వాళ్లకు బస్సు సంగతి ఎవరూ చెప్పలేదు. టీచర్లలో చాలామంది చంటిపిల్లల తల్లులని, ఆరున్నర బస్సెక్కితే ఇంట్లో పొయ్యి వెలిగేది ఎనిమిదికేనని కూడా ఎవరూ చెప్పలేదు.

పరిష్కారం తరగతుల వారీగా విడదీయడంలో దొరికింది. బడి మొత్తానికి ఒకే రోజు పెట్టకుండా ఆరో తరగతికి ఒక వారం, ఏడో తరగతికి మరో వారం అని పంచుకున్నాం. ఒక టీచరు నెలలో ఒక్క సాయంత్రం ఆగితే చాలు. ఆ రోజు తిరుగు ప్రయాణం ఎలాగన్నది ముందే మాట్లాడుకుంటాం, ఊళ్లో ఆటో ఉన్న తండ్రి ఒకరు ఆ బాధ్యత తీసుకున్నారు. వేళ విషయంలో తల్లిదండ్రులనూ అడగాలి. వేసవిలో ఉపాధి హామీ పనులు పొద్దున్నే మొదలై ఎండ ముదిరేలోపు ముగుస్తాయి కాబట్టి ఆ నెలల్లో సాయంత్రం ఏ వేళైనా వాళ్లకు ఇబ్బంది ఉండదు. పత్తి ఏరే రోజుల్లో మాత్రం చీకటి పడేదాకా చేలోనే ఉంటారు. అప్పుడు పెద్ద సమావేశాలు పెట్టకపోవడమే మంచిది.

అపోహ: సర్క్యులర్ తిప్పి సంతకాలు తీసుకుంటే అందరూ పాల్గొంటారు.

వాస్తవం: సంతకం మనిషిని తెస్తుంది, అంతవరకే. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడులన్నింటిలో ఒకేరోజు మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిగింది. మళ్లీ 2025 జులై 10న జరిగింది. ఆ రోజుల్లో టీచర్లందరూ బడిలోనే ఉన్నారు. అయితే తల్లుల ముగ్గుల దగ్గర, తండ్రుల తాడు లాగుడు పోటీ దగ్గర పిల్లలతో కలిసి అరిచి చప్పట్లు కొట్టిన టీచర్లూ ఉన్నారు, చేతులు కట్టుకుని గోడవారగా నిలబడినవారూ ఉన్నారు. మా బడిలో ఎవరు ఎక్కడ నిలబడ్డారో ఆ రోజు జాగ్రత్తగా గమనించాను. గోడవార నిలబడిన వారిలో ఒక్కరికి కూడా మేము ఫలానా పని అని అప్పగించలేదు. తప్పు నాదే.

మా ఫిజికల్ సైన్స్ మాస్టారి విషయం చెబుతాను. పాఠం అద్భుతంగా చెబుతారు. పదిమందిలో మాట్లాడమంటే మాత్రం బిగుసుకుపోతారు. సమావేశాలంటే వేదిక మీద కుర్చీ, మైకు, స్వాగత ఉపన్యాసం అని ఆయన మనసులో పడిపోయింది. ఒకరోజు ఖాళీ పీరియడ్‌లో ఆయన దగ్గరకే వెళ్లి ఇలా అడిగాను: "మాస్టారూ, శనివారం పదో తరగతి తల్లులు వస్తున్నారు. ఆమ్లాలు, క్షారాలు పాఠంలో సూచికలు ఉన్నాయి కదా. ఒక బల్ల వేయిస్తాను. మైకు ఉండదు. ఇరవై నిమిషాలు చాలు. మీరు పిల్లలకు చూపించేదే వాళ్ల అమ్మలకు చూపిస్తారా?" కాసేపు ఆలోచించి సరేనన్నారు.

ఆ శనివారం ఆయన బల్ల మీద పెట్టినవి ఒక గిన్నెలో తడిపిన పసుపు, చిటికెడు తాంబూలం సున్నం, ఒక నిమ్మకాయ, ఒక బట్టల సబ్బు ముక్క. తెల్ల కాగితం మీద పసుపు రాసి, దాని మీద సున్నపు నీటి చుక్క వేశారు. కాగితం ఎర్రబడింది. ముందు వరుసలో ఉన్న ఒక తల్లి వెంటనే అంది: "ఇది పారాణి కదా సార్! పెళ్లిలో మేము కలిపేది ఇలాగే." మాస్టారి ముఖం విచ్చుకుంది. "అదేనమ్మా. ఆ ఎరుపు ఎందుకు వస్తుందో మీ పిల్లవాడి పుస్తకంలో ఉంది" అని సున్నం క్షారమని, పసుపు దాన్ని పట్టిచ్చే సూచిక అని చెప్పారు. ఆ ఎరుపు మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగు తిరిగొచ్చింది. ఇంకో తల్లి లేచింది: "కూర మరక మీద సబ్బు రుద్దితే ఎర్రగా అవుతుంది, అదీ ఇదేనా?" అదే. ఇరవై నిమిషాలు అనుకున్నది గంట దాటింది. వాళ్ల పిల్లలు వెనక నిలబడి, తమ అమ్మ తమ మాస్టారితో పాఠం మాట్లాడటం చూశారు.

ఆ తర్వాత ఆయన్ని పిలవాల్సిన అవసరం రాలేదు. అందుకే చెబుతున్నాను, టీచరును ఆహ్వానించేటప్పుడు "అందరూ రావాలి" అనకండి. ఆయనకు చేతనైన ఒక పని చెప్పండి, ఎంతసేపో చెప్పండి, స్వయంగా వెళ్లి అడగండి. లెక్కల టీచరయితే పిల్లలతో కూరగాయల సంత పెట్టిస్తారు. తెలుగు మేడమ్ అమ్మమ్మల చేత పొడుపు కథలు చెప్పిస్తారు. వ్యాయామ ఉపాధ్యాయుడికైతే తాడు, మైదానం చాలు. కమిటీ అధ్యక్షురాలే వచ్చి అడిగితే ఇంకా మంచిది. నేను అడిగితే అందులో కొంత అధికారి మాట వినిపిస్తుంది. ఒక తల్లి వచ్చి అడిగితే అది పిలుపు.

అపోహ: తల్లిదండ్రులతో సమావేశాలు బోధనేతర పని, టీచరు బాధ్యత కాదు.

వాస్తవం: స్టాఫ్ రూములో ఎక్కువగా వినిపించే వాదన ఇది. దీన్ని సగం ఒప్పుకుంటాను. విద్యాహక్కు చట్టం 2009లోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే విద్యేతర పనికీ టీచర్లను వాడుకోకూడదని చెబుతోంది. అదే చట్టం 24వ సెక్షన్‌లో టీచరు విధుల జాబితా ఉంది. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి వారికి తెలియజేయడం అందులో ఒకటి. అంటే తల్లితో మాట్లాడటం పాఠం చెప్పడంతో సమానంగా చట్టం మనకు అప్పగించిన పని.

ఇక మిగతా సగం. షామియానా కట్టించడం, వాటర్ క్యాన్లు మోయించడం, బ్యానర్ అచ్చు వేయించడం, కార్యక్రమం సాగుతుండగానే ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించడం ఏ సెక్షన్‌లోనూ టీచరు విధి కాదు. మన దగ్గర జరుగుతున్నదేమో ఇదే. తల్లి ఎదురుగా కూర్చుని బిడ్డ గురించి చెబుతుంటే టీచరు ఫోనులో ఫొటో ఎక్కిందా లేదా అని చూసుకుంటున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది. మా బడిలో ఏర్పాట్లన్నీ కమిటీకి, పూర్వ విద్యార్థులకు అప్పగించాం. చట్టం ప్రకారం యాజమాన్య కమిటీలో కనీసం ముప్పాతిక వంతు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. అంతమంది ఉన్నప్పుడు కుర్చీలు టీచరే వేయాలా? ఫొటోల పని ఒక్కరికే ఇచ్చాం, ఆ రోజు ఆ ఒక్కరికి వేరే పని ఉండదు. మిగతా టీచర్ల ఫోన్లు సంచుల్లో ఉంటాయి.

అపోహ: వెళితే అందరిముందు నిలదీస్తారు.

వాస్తవం: ఈ భయం ఊరికే పుట్టలేదు. నేను ప్రధానోపాధ్యాయురాలిగా చేరిన కొత్తలో, నిండు సభలో ఒక తండ్రి లేచి ఇంగ్లిషు టీచరును గట్టిగా తిట్టారు. నేను వెంటనే ఆపలేదు. ఆపి ఉండాల్సింది. ఆ టీచరు తర్వాత ఏడాదిపాటు ఏ సమావేశానికీ రాలేదు, నేను రమ్మని ఒత్తిడి చేయలేకపోయాను.

అప్పటి నుంచి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. సభలో బడి గురించే మాట్లాడుకోవాలి. ఒక పిల్లవాడి గురించి గానీ ఒక టీచరు గురించి గానీ ఏదైనా ఉంటే నా గదిలో, నా ఎదురుగా, తలుపు వేసుకుని మాట్లాడుకోవాలి. టీచర్లకూ ఒక నియమం ఉంది. తల్లి కూర్చోగానే మొదటి మాట ఆ బిడ్డ ఈ నెలలో చేసిన ఒక మంచి పని గురించే ఉండాలి. "మీవాడు నిన్న చిన్నపిల్లలకు నీళ్లు పట్టి ఇచ్చాడమ్మా" అని మొదలుపెడితే, ఆ తర్వాత లెక్కల్లో వెనకబడ్డాడని చెప్పినా ఆమె వింటుంది. ఇందుకోసం టీచరు నెలంతా ఆ పిల్లవాణ్ని గమనించి ఉండాలి. కష్టమైన నియమమే, అయినా దీన్ని మాత్రం వదలను.

అపోహ: చదువు రాని తల్లిదండ్రులతో చదువు గురించి మాట్లాడి ప్రయోజనం లేదు.

వాస్తవం: పారాణి సంగతి పైన చెప్పాను కాబట్టి ఇక్కడ ఒక్క ముక్క. మా దగ్గర ప్రగతి పత్రాన్ని టీచరు చదివి వినిపించరు. పిల్లవాడే తన తల్లికి చదివి వినిపిస్తాడు, టీచరు పక్కన ఉంటారు. తక్కువ వచ్చిన సబ్జెక్టు దగ్గర పిల్లవాడి గొంతు తగ్గుతుంది. ఎందుకు తగ్గిందో తల్లికి ఎవరూ చెప్పక్కరలేదు.

అపోహ: పెద్ద ఎత్తున చేస్తేనే కార్యక్రమం.

వాస్తవం: కాదు. పన్నెండు మంది తల్లులు, ముగ్గురు టీచర్లు, రెండు బెంచీలు ఉంటే చాలు. వేదిక వద్దు. టీచర్లు పైన కుర్చీల్లో, తల్లులు కింద జంపఖానా మీద కూర్చున్న చోట సంభాషణ జరగడం నేనెప్పుడూ చూడలేదు.

వచ్చిన టీచర్లకు కృతజ్ఞత చెప్పే పద్ధతి గురించి కూడా కొందరు అడుగుతుంటారు. శాలువాలు మానేశాం. తల్లులు చెప్పిన రెండు మాటలను కమిటీ అధ్యక్షురాలు కాగితం మీద రాయించి పంపిస్తారు, దాన్ని సోమవారం ప్రార్థన సమయంలో ఒక విద్యార్థి చదువుతాడు.

వచ్చే సమావేశానికి చేయాల్సిన పనులన్నీ ఒక కాగితం మీద రాసి, ఎంతసేపో పక్కన వేసి, పేర్ల గడులు ఖాళీగా ఉంచి స్టాఫ్ రూము గోడకు అంటించాను. మర్నాటికి నాలుగు గడులు నిండాయి. అందులో ఫిజికల్ సైన్స్ మాస్టారి చేతిరాత ఉంది. పేరు కింద చిన్న అక్షరాలతో రాశారు: "ఈసారి ఎనిమిదో తరగతి తల్లులకు. సున్నం నేనే తెస్తాను."