మూత ఎవరు మూస్తారు?

గుంటూరు, బ్రాడీపేట
శ్రావణ మాసం, వాన వెలిసిన సాయంత్రం

చి. అమ్ములుకి, చింటూకి, బెజవాడలో మీ అపార్ట్‌మెంటు దండు మొత్తానికి,

తాతయ్య ఆశీస్సులు. పోయిన ఆదివారం ఫోన్లో అమ్ములు అడిగింది గుర్తుందా? "తాతయ్యా, పురుగు లోపల పడగానే కూజా మొక్క మూత మూసేస్తుందని మా బళ్ళో చార్టు మీద ఉంది. మొక్కకి చేతుల్లేవు కదా, మూత ఎవరు మూస్తారు?" నేను "నాయనమ్మ పిలుస్తోందమ్మా" అని ఫోన్ పెట్టేశాను. నాయనమ్మ పిలవలేదు. ఆవిడ ఆ టైముకి గుళ్ళో ఉంది. నాకు సిగ్గేసి పెట్టేశాను. ఆ సిగ్గు సంగతి ముందు చెప్పేస్తాను, తర్వాత తేలిగ్గా ఉంటుంది.

ముప్ఫై ఏళ్ళు డ్రాయింగు మాస్టారిగా చేశాను కదా. ఏటా సైన్సు టీచర్లు వచ్చి "మాస్టారూ, ఒక కూజా మొక్క వేసి పెట్టండి" అనేవాళ్ళు. ఆకుపచ్చ కూజా, సగం లోపలికి దిగిన ఈగ, దాని నెత్తిన సగం వాలిన మూత. టిఫిన్ డబ్బా మూత వేస్తున్నట్టు వేసేవాణ్ణి. పిల్లలు కళ్ళింత చేసుకుని చూసేవాళ్ళు. ఆ మొక్కని నేను జన్మలో చూడలేదు. పాత చార్టు చూసి కొత్త చార్టు వేశాను. ఆ పాత చార్టు వేసినాయన ఇంకో పాత చార్టు చూసి వేసుంటాడు. మీ బడి చార్టు నేను వేసింది కాకపోవచ్చు గానీ, అదీ ఆ వంశంలోదే.

అమ్ములూ, మూత ఎవరూ మూయరు. కూజా పసిగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటుంది. పెరిగి ఒకసారి తెరుచుకుందా, ఇక ఆ మూత మళ్ళీ కిందికి దిగదు.

మరి పురుగు ఎలా చిక్కుతుందంటావా? దానికి నాకు తెలిసిన పోలిక కల్లు లొట్టి. మీ అమ్మకి ఈ పోలిక నచ్చదు, అయినా చెప్తాను.

మా ఊరు రేపల్లె వైపు. పొలం గట్ల నిండా తాటిచెట్లు. వేసవిలో గెల కొస చెక్కి దాని కింద మట్టి లొట్టి కట్టేవాళ్ళు. రాత్రంతా చుక్కా చుక్కా కారి తెల్లారేసరికి సగానికి వచ్చేది. ఆ తీపి వాసనకి చీమలు, తేనెటీగలు, కందిరీగలు, పేరు తెలియని రెక్కల పురుగులు అన్నీ హాజరు. అంచు మీద కూర్చుని నాకడం, నాకుతూ నాకుతూ ఇంకాస్త వంగడం, ఒక కాలు జారడం, అంతే సంగతులు. పొద్దున్నే కల్లు గీసే మావయ్య చెట్టు దిగి, లొట్టి వంచి గుడ్డలో వడగట్టేవాడు. గుడ్డ మీద మిగిలిన పురుగుల్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం. ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. ఒకరోజు నూట నలభై దాకా లెక్కపెట్టి, బడికి ఆలస్యంగా పోయి గోడకుర్చీ వేశాను. లెక్క తప్పలేదు గానీ లెక్కల పీరియడ్ తప్పింది.

"మావయ్యా, వాటిని ఎవరు తోశారు?" అని ఒకసారి అడిగాను. "తోసేదెవడ్రా, తీపే తోసింది" అన్నాడాయన.

కూజా మొక్కా అంతే. దాని ఆకు కొస తీగలా సాగుతుంది, ఆ తీగ చివర ఉబ్బి లొట్టి అవుతుంది. ఎవరూ కట్టనక్కర్లేదు, ఆకే కట్టుకుంటుంది. అంచు చుట్టూ తేనె. వానకో మంచుకో తడిసిందంటే ఆ అంచు మన స్నానాల గదిలో సబ్బు నీళ్ళు పోసిన గచ్చు అనుకోండి. పైగా ఇది లోపలి గోడకి మైనం రాసుకుంటుంది. జారిన చీమ మళ్ళీ ఎక్కుదామంటే కాలు నిలవదు. అడుగున రసం ఉంటుంది. మూత మాటకొస్తే, అది లొట్టి మీద తాటాకు కప్పినట్టు. వాన నీళ్ళు పడి రసం పల్చబడకుండా గొడుగు. ఆ గొడుగు అడుగున కూడా కాస్త తేనె ఉంటుంది, ఆశ పెట్టడానికి. గొడుగు మనుషుల్ని పట్టుకోవడం ఎక్కడైనా చూశారా?

చింటూ ఇప్పుడు అడుగుతాడు, "మరి కల్లు తాగేదెవరు?" అని. ఇక్కడ లొట్టే తాగేస్తుందిరా. పడ్డ పురుగుని మన పొట్టలో అన్నం అరిగినట్టు అరిగించుకుంటుంది. నా పోలిక ఇక్కడ కాస్త తూలింది. కల్లు పోలిక కదా, తూలకపోతే ఎలా!

ఆకలికి తింటుందనుకోకండి. దాని అన్నం అది ఎండలో వండుకుంటుంది, మిగతా మొక్కల్లాగే. అది పెరిగే నేలలో నత్రజని తక్కువ. మన మిర్చి రైతు యూరియా బస్తా తెచ్చి చల్లుకుంటాడు. దానికి బస్తా ఎవరు తెస్తారు? అందుకని చీమలతో తెప్పించుకుంటుంది.

ఇదంతా రిటైరయ్యాక తెలిసింది నాకు. మీ నాన్న మమ్మల్ని మేఘాలయ తీసుకెళ్ళాడు గుర్తుందా, మీరింకా చిన్నపిల్లలు. మన దేశంలో కూజా మొక్క సొంతంగా పెరిగేది ఆ కొండల్లోనే. ఖాసీ వాళ్ళు దాన్ని తియూ రాకోట్ అంటారట, అంటే రాక్షస పువ్వు. నిజానికి అది పువ్వు కాదు, ఆకు. ఒక నర్సరీలో కుండీలో కనిపిస్తే నేను అందరూ అటు తిరిగాక మూతని వేలితో కిందికి నొక్కాను. మన చెవి తమ్మెలా వంగి, వదలగానే మళ్ళీ యథాస్థానం. నేను వేసిన చార్టులన్నీ కళ్ళ ముందు తిరిగాయి. నాయనమ్మ "కడుపునొప్పా?" అంది.

తిరిగొచ్చాక లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల షాపులో ఒక బొమ్మల పుస్తకం దొరికింది. అట్ట లేదు, చెదలు రెండు పేజీలు భోంచేశాయి. అందులో ఒక జామకొమ్మ. మన పెరటి జామ లాంటిదే, కాయలతో సహా. కొమ్మ మీద బొచ్చు సాలీడు, దాని కాళ్ళ కింద వెల్లకిలా పడ్డ చిన్న పిట్ట. పక్కనే పిట్ట గూడు, గుడ్లు. ఆకుల్ని కొరికేస్తున్న చీమలు, ఒకదాన్నొకటి పట్టుకుని రెమ్మకీ రెమ్మకీ మధ్య వంతెన కట్టిన చీమలు. చూడ్డానికి భయం, చూడకుండా ఉండలేం.

అది వేసింది మరియా సిబిల్లా మేరియన్ అనే ఆవిడ. 1647లో జర్మనీలో పుట్టింది. యాభై రెండేళ్ళ వయసులో, అంటే 1699లో, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని ఓడెక్కి దక్షిణ అమెరికాలో సురినాం వెళ్ళింది. దేనికో తెలుసా? గొంగళిపురుగుల్ని చూడ్డానికి! ఏ పురుగు ఏ ఆకు తింటుంది, ఏ సీతాకోకచిలుక అవుతుంది అని చూసి చూసి వేసింది. జబ్బుపడి 1701లో తిరిగొచ్చింది. 1705లో అరవై బొమ్మలతో పుస్తకం వేసింది. ఆ జామకొమ్మ అందులో పద్ధెనిమిదో బొమ్మ. మా నాయనమ్మ యాభై రెండేళ్ళకి రేపల్లె దాటి తెనాలి వెళ్ళాలంటే వారం రోజులు ఆలోచించేది.

సాలీడు పిట్టని తినడమేమిటని తర్వాతి వాళ్ళు నవ్వారు. 1830ల్లో ఒకాయన సురినాంలో అడుగైనా పెట్టకుండా ఆవిడ బొమ్మలకి తప్పులు పట్టాడు. ఆ తర్వాత హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ఆయన అమెజాన్ అడవుల్లో ఏళ్ళ తరబడి తిరిగాడు. చెట్టు తొర్ర దగ్గర తెగిన సాలెగూట్లో రెండు చిన్న పిట్టలు, ఒకటి చచ్చిపోయి, ఒకటి చావుబతుకుల్లో, పక్కనే బొచ్చు సాలీడు. కళ్ళారా చూశానని 1863లో తన పుస్తకంలో రాశాడు. ఆవిడ పోయి అప్పటికి నూట నలభై ఆరేళ్ళు.

అయితే ఆవిడ చేసినవన్నీ ఒప్పులేనా అంటే, కాదు. ఆ గూట్లో నాలుగు గుడ్లు వేసింది. ఆ జాతి పిట్ట మామూలుగా రెండే పెడుతుంది. నాకైతే ఆ రెండు గుడ్ల మీద కోపం రాదు, ముద్దొస్తుంది. అంత పెద్ద నిజం పట్టుకున్న చెయ్యి గుడ్ల దగ్గర జారింది చూడండి.

ఇంకో తమాషా. మొక్కలకీ జంతువులకీ రెండేసి పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లినేయస్ ఉన్నాడే, ఆయన ఈ సాలీడు బొమ్మని నమ్మాడు. 1758లో దానికి చిన్న పిట్టల పేరు మీదుగా అవిక్యులేరియా అని పేరు కూడా పెట్టాడు. పదేళ్ళకి జాన్ ఎల్లిస్ అనే ఆయన అమెరికా కరోలినా నుంచి వచ్చిన మొక్క గురించి రాశాడు. వీనస్ ఫ్లైట్రాప్, రెండు అరచేతులు దగ్గరికి చేర్చినట్టు ఆకు మూసుకుంటుంది. (నిజంగా మూసుకునేది ఇదీ అమ్ములూ, కూజా కాదు. నా చార్టులో రెంటినీ కలిపేశాను.) ఇది ఈగల్ని తింటోందని ఎల్లిస్ అంటే, లినేయస్ మనసు ఒప్పుకోలేదు. అత్తిపత్తి ముడుచుకున్నట్టు ముడుచుకుంటుంది, పురుగు కదలడం మానగానే వదిలేస్తుంది అనుకున్నాడు. సాలీడు పిట్టని తింటే సరే, మొక్క ఈగని తింటే మాత్రం కూడదు! పెద్దవాళ్ళకి ఇలాంటి పట్టింపులుంటాయి. చివరికి 1875లో డార్విన్ ఈ మొక్కల మీదే ఒక పుస్తకం రాశాక గాని జనం ఒప్పుకోలేదు. ఆయన తన మొక్కలకి మాంసం ముక్కలు, గుడ్డు తెల్లసొన తినిపించి చూశాడు. ఆ పుస్తకానికి బొమ్మలు కొన్ని ఆయన కొడుకులే వేశారు. మీ నాన్న నాకు ఒక్క గీత గీసి పెట్టలేదు.

మన వైపు బొమ్మలు వేసినవాళ్ళు లేరా అనుకుంటారేమో. పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో ఉండి మన తీరం పాముల్ని పోగుచేసి 1796లో బొమ్మలతో పుస్తకం వేయించాడు. ఇక్కడి జనం పిలిచే పేర్లే రాసుకున్నాడు. మన రక్తపింజరి అందులో 'కాటుక రేకుల పొడ'. ఒంటి మీద మచ్చల్ని చూసి ఎవరో మన తెలుగువాడు పెట్టిన పేరు, ఎంత బాగుందో! పసుపూ నలుపూ పట్టీల పాము ఒకటుంది, మిగతా పాముల్ని మింగుతుంది. దాన్ని మనవాళ్ళు 'బంగారు పాము' అంటే, దాని శాస్త్రం పేరు ఇవాళ్టికీ బంగారస్. ఆ కాలంలోనే సామర్లకోటలో రాక్స్‌బర్గ్ దొరకి మన మొక్కల బొమ్మలు వేసిపెట్టింది ఇక్కడి చిత్రకారులే. పుస్తకం మీద దొర పేరుంది, వాళ్ళ పేర్లు లేవు. డ్రాయింగు మాస్టారిని కదా, నాకు కడుపు మండుతుంది. పోనీండి.

పురుగుల్ని తినే మొక్క కోసం మేఘాలయ దాకా పోనక్కర్లేదు. మన చెరువుల్లో, కదలని నీళ్ళ గుంటల్లో వేరు లేకుండా తేలే ఒక నాచులాంటి మొక్క ఉంది, యుట్రిక్యులేరియా. నీళ్ళ పైకి చిన్న పసుపు పూలు, నీళ్ళ లోపల ఆవగింజంత సంచులు. నీటిపురుగు వెళ్ళి వాకిట్లో వెంట్రుకకి తగిలితే తలుపు లోపలికి తెరుచుకుని నీళ్ళతో సహా లాగేస్తుంది, సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. పురుగే తల దూర్చి తోసుకుని పోతుందనుకున్నాడు డార్విన్. ఆయనకీ రెండు గుడ్లు ఎక్కువయ్యాయన్నమాట. గుంట దగ్గరికి మాత్రం నాన్న లేకుండా వెళ్ళకండి, నా మీద ఒట్టు.

అంతవరకూ ఇంట్లోనే పని చెప్తాను. ఇప్పుడు వానలు కదా, రాత్రి ఉసిళ్ళు లేస్తాయి. హాల్లో ట్యూబులైటు ఒక్కటే వేసి, టీవీ ఆపేసి కూర్చోండి. లైటు వెనక బల్లి ఉంటుంది. అది ఉసిలిని ఎంత దూరంలో ఆగి చూస్తుంది? రెక్కలు ముందు తింటుందా, తల ముందా? పట్టేటప్పుడు కళ్ళు మూస్తుందా? కాలికి వేళ్ళెన్ని? ఆ వేళ్ళు తప్పు వేసి ఎనిమిదో తరగతిలో మాస్టారి చేత నేను తిన్న చీవాట్లు నాకింకా గుర్తే. ఎన్ని వేశానో మాత్రం చెప్పను. పుస్తకం చూడొద్దు, ఫోన్లో వెతకొద్దు. చూసిన వెంటనే పెన్సిలుతో వేసి, కాయితం మడిచి నాకు పోస్టులో పంపండి. దాని తోక తెగి ఉంటే తెగినట్టే వేయండి.

మీ తాతయ్య