జూలై వేడి, నవంబరు వేడి: సోమశిల పేచీ వెనక కథ

అక్టోబరు వస్తే నెల్లూరులో పాత పేచీ మళ్లీ లేస్తుంది. పెన్నా మీది సోమశిల జలాశయాన్ని నిండుగా ఉంచాలా, ఖాళీ పెట్టాలా? ఆయకట్టు రైతు నింపమంటాడు. పెన్నా గట్టు కింద ఊళ్లవాళ్లు ఖాళీ పెట్టమంటారు. జలాశయం ఎప్పుడు కట్టారు, ఎవరు శంకుస్థాపన చేశారు అన్నవి అందరికీ తెలిసినవే. ఈ గొడవకు అసలు మూలం 2005 తర్వాత, శ్రీశైలం నుంచి కృష్ణా నీళ్లను కాలువలోకి వదిలే పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ సామర్థ్యాన్ని 11,150 క్యూసెక్కుల నుంచి 44 వేలకు పెంచడంలో ఉంది.

అంతకుముందు సోమశిల ప్రధానంగా పెన్నా వరద కోసమే ఎదురుచూసేది. ఆ వరద ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తుంది కాబట్టి, వచ్చే నాటికి 78 టీఎంసీల జలాశయంలో చోటు ఉండేది. రెగ్యులేటర్ పెద్దదయ్యాక ఆగస్టు, సెప్టెంబరుల్లో శ్రీశైలం పొంగితే చాలు, ఆ నీళ్లను, కాలువలు చీలే బనకచెర్ల నుంచి కాలువ కొంత, కుందూ ఏరు కొంత మోసుకొచ్చి సోమశిలలో పోస్తున్నాయి. సొంత వానాకాలం మొదలయ్యేసరికే జలాశయం నిండుకుండ.

ఇందులో ప్రమాదం ఎంతో తెలియాలంటే ఆకాశంలో వేడి లెక్క చూడాలి. ఆవిరి చుక్కగా మారేటప్పుడు కిలోకు 25 లక్షల జౌళ్ల వేడి బయటపడుతుంది. పాఠ్యపుస్తకాలు దీన్నే గుప్తోష్ణం అంటాయి. ఒక చోట రోజుకు 10 మిల్లీమీటర్ల వాన పడిందంటే, ఆ చోటు మీదున్న గాలి మొత్తాన్ని రెండున్నర డిగ్రీలు వేడెక్కించేంత శక్తి విడుదలైనట్టు. 200 మిల్లీమీటర్లకు 50 డిగ్రీలు. నిజానికి గాలి అంత వేడెక్కదు. వేడి పుట్టగానే తేలికై పైకి లేస్తుంది, లేస్తూ వ్యాకోచించి చల్లబడుతుంది. ఆ ఖాళీలోకి కింద నుంచి సముద్రపు తేమగాలి దూరుతుంది, అది మళ్లీ వానై మళ్లీ వేడినిస్తుంది. వాయుగుండం తన వానతోనే తాను బలపడేది ఇలాగే. ఇలా పైకి లేచిన గాలి ఇంకెక్కడో దిగాలి. దిగిన చోట మబ్బు నిలవదు.

జూలైలో ఈ పొయ్యి పడమటి కనుమల మీదా, ఉత్తర బంగాళాఖాతం మీదా మండుతుంది. మహాబలేశ్వరం కొండల మీద పడే వాన కృష్ణకు వరదవుతుంది. కనుమలు దాటిన గాలి తేమ పోగొట్టుకుని కిందికి దిగుతూ కనిగిరి, మార్కాపురం మీదికి వచ్చేసరికి ఉత్త పడమటి గాలి. దేశమంతా రుతుపవనాలు జోరుగా ఉన్నాయని రేడియో చెప్పే రోజుల్లో పశ్చిమ ప్రకాశంలో కంది ఎండిపోవడం అందుకే. రుతుపవన ద్రోణి, అంటే వానలు తెచ్చే అల్పపీడనపు పట్టీ, హిమాలయాల పాదాల దగ్గరికి జరిగి, ఉత్తరాదిన వానలకు విరామం వచ్చినప్పుడు మన వైపు ఉరుములు మొదలవుతాయి.  

నవంబరుకు ఆ పొయ్యి నైరుతి బంగాళాఖాతానికి జరుగుతుంది. వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటుతుంటే అందరూ అటే చూస్తారు. కానీ సముద్రం నుంచి నేలమీదికి వీచే గాలి కేంద్రానికి ఉత్తరాన ఉంటుంది, అంటే నెల్లూరు మీద. ఆ తూర్పుగాలి వెలిగొండలనూ శేషాచలాన్నీ ఎక్కుతూ ఉన్న తేమంతా అక్కడే దించేస్తుంది.

2021 నవంబరులో జరిగింది అదే. 11న ఒక వాయుగుండం చెన్నై దగ్గర తీరం దాటింది. దాని వానకే నేల నానిపోయింది, చెరువులు అలుగులు పారాయి. 19 తెల్లవారుజామున పుదుచ్చేరి, చెన్నైల మధ్య రెండోది దాటింది. నేల ఇక ఒక్క చుక్క తాగే స్థితిలో లేదు. పెన్నాలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు స్పిల్‌వే 2.17 లక్షల క్యూసెక్కులకు కట్టింది. వచ్చింది 3.2 లక్షలు, పైగా అయిదు గేట్లలో ఒకటి లేవలేదు. మట్టికట్ట తెగింది. ఆ నీళ్లూ పెన్నా నీళ్లూ కలిసి, అప్పటికే దాదాపు నిండి ఉన్న సోమశిలకు 5 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చాయి. కింద కోవూరు దగ్గర హైవే తెగింది, పడుగుపాడు దగ్గర రైలు కట్ట కోసుకుపోయింది.

అంత వాన ఊహకు అందనిదని అధికారుల మాట. వాన మాట నిజమే, దక్షిణ భారతంలో 1901 తర్వాత అంత తడి నవంబరు లేదు. అయితే గట్టు కింద ఊళ్లవాళ్లు అడిగేది వాన సంగతి కాదు, చోటు సంగతి. లక్ష క్యూసెక్కులు ఒక రోజు పారితే 8.64 టీఎంసీలు. 5 లక్షలంటే రోజుకు 43. జలాశయంలో 6 టీఎంసీల ఖాళీ ఉంటే మూడు గంటల్లో నిండిపోతుంది. 20 ఉంటే పదకొండు గంటలు చేతికొస్తాయి. ఆ వ్యవధిలో గేట్లను మెట్టుమెట్టుగా ఎత్తొచ్చు, సంగం నుంచి ఇందుకూరుపేట దాకా పొర్లుకట్టల కింద జనాన్ని లేపొచ్చు.

ఖాళీ చేయడం చివరి రోజున కుదరదు. కందలేరు జలాశయం వైపు కాలువ రోజుకు తీసుకునేది సుమారు ఒక టీఎంసీ. ఏటిలోకి 50 వేల క్యూసెక్కుల చొప్పున వదిలితే, పైనుంచి ఏమీ రాకపోయినా, ఖాళీ 6 నుంచి 20కి పెరిగేలా 14 టీఎంసీలు దించడానికి మూడు రోజులకు పైగా పడుతుంది. వాతావరణ శాఖ ప్రతి గురువారం నాలుగు వారాల ముందస్తు అంచనా ఇస్తుంది. అది హిందూ మహాసముద్రం మీద మబ్బుల గుంపు తూర్పుకు కదిలే తీరును పట్టి చెప్పేది. ఏ ఏరు పొంగుతుందో చెప్పదు గానీ, ఏ వారం బంగాళాఖాతంలో పొయ్యి రాజుకునే వీలుందో చెబుతుంది. ఖాళీ మొదలుపెట్టడానికి అది చాలు.

ఎల్‌నినో (పసిఫిక్ సముద్రం వేడెక్కే దశ) చూసి నిర్ణయిద్దామనే వాదన నిలవదు. ఎల్‌నినో ఏడాది నైరుతి నీరసించి, ఈశాన్యం పుంజుకునే మొగ్గు ఉన్న మాట వాస్తవం. 2015 అలాంటిదే, శ్రీశైలం నిండలేదు, నవంబరులో గూడూరు, నాయుడుపేట వైపు ముంపు వచ్చింది. 2021 మాత్రం దానికి ఎదురైన లానినా (పసిఫిక్ చల్లబడే దశ) ఏడాది.

రైతు భయానికీ ఆధారం ఉంది. 2016లో, 2018లో ఈశాన్యం ముఖం చాటేసింది. టీఎంసీకి పదివేల ఎకరాల లెక్కన 14 టీఎంసీలు వదిలేసి వాన రాకపోతే లక్షా నలభై వేల ఎకరాల వరి ప్రశ్నార్థకం, ఆపైన ఎడగారు (రెండో పంట) ఊసే ఉండదు.

మధ్యేమార్గంగా వినిపిస్తున్నది ఒకటే. ఆ 14 టీఎంసీల కృష్ణా నీళ్లను డిసెంబరు సగం దాకా శ్రీశైలంలోనే ఉంచి, తుపాన్ల కాలం గడిచాక తెచ్చుకోవడం. అయితే శ్రీశైలంలో 854 అడుగుల మట్టం ఉంటేనే పోతిరెడ్డిపాడుకు సరిగా నీళ్లు ఎక్కుతాయి. అక్కడ రెండు రాష్ట్రాలూ కరెంటు తీస్తాయి, మట్టం ఎవరి కోసమూ ఆగదు. అందుకే ఇంజనీర్లు సెప్టెంబరులోనే దొరికినంతా తెచ్చి సోమశిలలో పోస్తున్నారు.